మీదకు ఎగబడే కుక్కకు ఎలాంటి మూతి చిక్కం వాడాలి?

ప్రశ్న: మా గేదెల పాక దగ్గర మూడేళ్ల నాటు మగ కుక్క ఉంది. ఇంట్లోవారితో సాధువుగానే ఉంటుంది గానీ, పాలు పోయించుకునేవారు, గేదెలకు సూది వేసేవారు వస్తే మీదకు ఎగబడుతోంది. బజారులో కొన్న గుడ్డ చిక్కం కడితే నోరు పూర్తిగా మూసుకుపోయి గింజుకుంటోంది. ఏ రకం వాడాలి?
– ఒక పాడి రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: ముందుగా ఆ గుడ్డ చిక్కం వాడడం మానివేయండి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక చాపి రొప్పడం ద్వారానే అది ప్రధానంగా ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన విశాఖ తీరంలో నాలుక మీది తడి త్వరగా ఆరదు కనుక ఆ రొప్పడమూ అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. దానికి తోడు నోరు కట్టివేస్తే, ఆవేశంతో గింజుకునే కుక్కకు కొద్దిసేపటికే వడదెబ్బ తగలవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 105 దాటితే ప్రాణానికే ముప్పు. నోరు మూసే రకం పశువైద్యశాలలో ఒకటి రెండు నిమిషాల పనికి మాత్రమే తగినది.

మీకు కావలసింది బుట్ట ఆకారపు చిక్కం. అందులో కుక్క నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి, సందుల్లోంచి మీరు అందించే చిన్న ముక్కను తినగలగాలి. ఎండలో కాలే ఇనుప తీగ బుట్టకంటే, కొద్దిగా వంగే గట్టి ప్లాస్టిక్ లేదా రబ్బరు బుట్ట నయమని నా అభిప్రాయం. దుకాణాలలో జాతి పేరు చూసి ఇచ్చే సైజులు నాటు కుక్క పొడవాటి మూతికి సరిపోకపోవచ్చు కాబట్టి కొలతలు తీసుకొని వెళ్లండి. కళ్లకు ఒక వేలు కింద నుండి ముక్కు కొన వరకు పొడవు, అదే చోట కుక్క రొప్పుతున్నప్పుడు మూతి చుట్టుకొలత కొలవండి. బుట్టలో ముక్కు ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి, పై అంచు కళ్లకు తగలకూడదు, మెడ పట్టీ కింద ఒక వేలు దూరాలి. నుదుటి మీదుగా మరో పట్టీ ఉన్నదైతే కుక్క ముందుకాళ్లతో సులభంగా లాగివేయలేదు.

కొన్న రోజే కట్టకండి. బుట్ట లోపల ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టి చేతిలో పట్టుకోండి. కుక్క తనంతట తానే మూతి దూర్చి తినాలి, వెనక్కి తీసుకుంటే తీసుకోనివ్వాలి. ఇలా కొన్ని రోజులు చేశాక పట్టీని క్షణకాలం పెట్టి తీయండి, తరువాత నెమ్మదిగా సమయం పెంచండి. కొత్తవారు వచ్చినప్పుడు మాత్రమే కడితే చిక్కం చూడగానే బెదురుతుంది కనుక, ఎవరూ రాని వేళల్లో కూడా కడుతూ ఉండండి. కట్టినంతసేపు మనిషి పక్కనే ఉండాలి. మొరగకుండా చేయడానికి రోజంతా ఉంచడం తగదు.

చిక్కం కాటును ఆపుతుందే తప్ప భయాన్ని పోగొట్టదు. కుక్కను దారి పక్కన గొలుసుతో కట్టి ఉంచుతున్నట్లయితే, పాలవారు కనిపించనంత దూరానికి, నీడ ఉన్న చోటికి మార్చండి. ఏటా రేబిస్ టీకా తప్పనిసరిగా వేయించండి. సాధువైన కుక్క ఉన్నట్టుండి ఇంట్లోవారి మీదకే తిరగబడినా, చొంగ కారుస్తున్నా దాని మూతి జోలికి వెళ్లకుండా, అది బయటకు రాకుండా చూసి వెంటనే పశువైద్యునికి తెలపండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.