తమ్మీ, ఫెండర్ మడిచే ముందు లోన్ సంగతి చూస్కో

దిల్‌సుఖ్‌నగర్ తమ్మీ, నీ ప్రశ్న నేను మలక్‌పేటలో అమ్మ దగ్గర కూసొని చదివిన. మిషిగన్‌ల దిగి నాలుగు నెలలు కాలేదు, పాత హోండా సివిక్ కారు కొన్నవు, దానికి 18 అంగుళాల చక్రాలు వేస్తే ఫెండర్‌కు, అంటే చక్రం మీద కమాను లెక్క ఉండే రేకుకు, తగుల్తయంట, దాని లోపలి అంచు రోల్ చేయాల్నంట, అంటే లోపలికి మడవాల్నంట, నేనే చేసుకోవచ్చా అన్నా అని అడిగినవ్. చేసుకోవచ్చు. నేను చేసిన. మొదటిసారి ఎట్ల చేసిన్నో మొత్తం చెప్తా, ఓపికగ చదువు, ఎందుకంటే నీ ప్రశ్న చదవంగనే నాకు నీ చదువు లోన్ యాదికొచ్చి భయమైంది.

నేను పోయింది 2009 ఆగస్టుల. ఆ ఏడాదే జీఎం, క్రైస్లర్ రెండూ దివాలా పిటిషన్ వేసినయి, డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్నోళ్ల ఉద్యోగాలే పోతున్నయి, మన అసొంటోళ్లకు ఎవరిస్తరు. బ్యాంకు లోన్ 5 లక్షలు, మీద అమ్మ బంగారం కుదువ పెట్టి తెచ్చింది వేరే. క్యాంపస్‌ల వారానికి 20 గంటలు పని చేసి కూడబెట్టి 2006 మోడల్ సివిక్ ఈఎక్స్ కొన్న. బండి బంగారం లెక్క ఉండె. దానికి కంపెనీ ఇచ్చిన చక్రం 16 అంగుళాలు, వెడల్పు ఆరున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 45, టైరు 205/55 (205 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క ఎత్తు అందుల 55 శాతం). ఆఫ్‌సెట్ అంటే చక్రం నడిమి గీత నుంచి బోల్టులు బిగించే ముఖం దాక ఎన్ని మిల్లీమీటర్లు అని, అది తగ్గితే చక్రం బయటికొస్తది. అది నాకు ఆనలేదు. 2010ల ఎవరో అమ్ముతుంటే సెకండ్‌హ్యాండ్‌ల 18 అంగుళాల సెట్ 500 డాలర్లకు టైర్లతో సహా తెచ్చిన. బోల్టుల లెక్క 5 ఇంటూ 114.3, అంటే అయిదు బోల్టులు, అవి ఉన్న వలయం అడ్డంగ 114.3 మిల్లీమీటర్లు, కుదిరింది, ఇంకేం చూడాలె అనుకున్న. వెడల్పు ఎనిమిదిన్నర, ఆఫ్‌సెట్ 35 అని చక్రం లోపల రాసే ఉంది, దాని అర్థం తెల్వక ఒదిలేసిన.

ఆ లెక్క నువ్వు ఇప్పుడే నేర్చుకో. వెడల్పు రెండు అంగుళాలు పెరిగింది కదా, అందుల సగం, అంటే 25 మిల్లీమీటర్లు బయటికొస్తది, ఆఫ్‌సెట్ 45 నుంచి 35కు తగ్గింది కాబట్టి ఇంకో 10 బయటికి. మొత్తం 35 మిల్లీమీటర్లు. ఫెండర్ లోపలి అంచు ఉన్నదే అర అంగుళం, అంటే 12, 13 మిల్లీమీటర్లు. మొత్తం చదునుగ మడిచినా అంతే దొరుకుతది, 35 ఏడికెల్లి వస్తది? ఈ కూడిక తీసివేత చేయడానికి నాకు అయిదు నిమిషాలు పట్టేది, చేయలేదు. టైరు ఎత్తు మటుకు సరిపోతది, 225/40 వేస్తే పాతదానికీ దీనికీ 5 మిల్లీమీటర్లే తేడా, అందుకే చూసి అందరూ మోసపోతరు, ఎక్కంగనే బాగనే ఉంటది.

ఉగాదికి అయిదుగురం ఎక్కి గుడికి పోతున్నం, ప్రతి గుంతకు వెనక నుంచి గర్రుమని గీసుకునే చప్పుడు. దిగి చూస్తే ఆ అంచు టైరు పక్కను కత్తి లెక్క కోస్తున్నది. మళ్ల పాత చక్రాలు వేసుకుంటే అయిపోయేది. వేసుకోలేదు. రూమ్మేట్ చెప్పిండు, బేస్‌బాల్ బ్యాటు టైరుకూ ఫెండర్‌కూ మధ్యల పెట్టి బండి ముందుకూ వెనక్కూ నూకితే అంచు మడత పడ్తది అని. నవంబర్‌ల, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌ల, చేతులు కొంకర్లు పోయే చలిల చేసినం. మడత పడ్డది, ఒక్క దగ్గర లోపలికి, ఒక్క దగ్గర బయటికి, అలలు అలలుగ, రంగు పటపట పగిలింది. పగిలిన కాడ ఏదో నల్ల స్ప్రే కొట్టి ఒదిలేసిన. అక్కడ చలికాలం అంతా రోడ్ల మీద ఉప్పు జల్లుతరు తమ్మీ, నువ్వు ఇంకా చూడలే. రెండో చలికాలానికి ఆ పగులు కాడ తుప్పు బుడగలు బుడగలుగ లేచింది.

లెక్క రాసి పెట్టుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది: చక్రాలు 500, కోసుకపోయిన రెండు టైర్లు 220, గుంతల పడి ఒంగిన చక్రం సరిచేయిస్తే 120, రెండు దిక్కుల బాడీ పని 1400. మొత్తం 2240 డాలర్లు. అప్పుడు డాలర్ 46 రూపాయలు, అంటే లక్షా మూడు వేలు. కుదువల ఉన్న అమ్మ గాజులు ఆ పైసలతోని ఏడాది ముందే ఇంటికొచ్చేవి. ఇప్పుడు డాలర్ 85 దాటింది, నువ్వే గుణించుకో.

2012ల ఇంటికొచ్చినప్పుడు పుత్లీబౌలిల మా మామకు తెలిసిన డెంటింగ్ ఉస్తాద్‌కు ఫోటో చూపించిన. ఆయన ఒక్కటే అడిగిండు, వేడి చేసినవా అని. ఇక్కడ మే నెల ఎండల రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతది, అట్లాంటప్పుడు రంగు మెత్తగుండి రేకుతోని పాటు ఒంగుతది, చలిల అద్దం లెక్క పగుల్తది అన్నడు. నేను ఇంజినీరింగ్ చదివినోన్ని, నాకు ఆ మాట తట్టలేదు.

తర్వాత ఇంకో బండికి మంచిగ చేసిన, ఒక్క గీత కూడ పడలేదు. ఎట్లనంటే, జాక్ మీద ఒక్కదాని మీదనే నమ్మకం పెట్టకుండ స్టాండ్ వేసి చక్రం తీసేయాలె, అంచుకు లోపల పట్టుకున్న ప్లాస్టిక్ లైనర్ (తొడుగు) స్క్రూలు ఇప్పాలె, మట్టి అంతా కడగాలె. అంచు మడిచే రోలర్ పరికరం హబ్ బోల్టులకే, అంటే చక్రం బిగించే బోల్టులకే బిగిస్తరు, దాని చక్రం అంచు మీద అర్ధ చంద్రంగ తిరుగుతది. హీట్ గన్ ఒక్క దగ్గర ఆపకుండ తిప్పుకుంట రేకు 60 డిగ్రీలు దాక వేడి చేయాలె, చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మంచిది. మొదటి సారికే చదును చేస్తా అంటే ఆర్చ్, అంటే ఆ కమాను, మొత్తం బయటికి ఉబ్బుతది. కొంచెం కొంచెం, అయిదారు సార్లు, ప్రతిసారి మళ్ల వేడి చేసి. ముందు ఫెండర్ బోల్టులతోని ఉంటది, ఖరాబైతే ఇప్పి వేరేది వేయొచ్చు. వెనకది అట్ల కాదు, అది బాడీలనే వెల్డింగ్ అయి ఉంటది, బయటి రేకు లోపలి రేకు కలిసిన కాడ సీలర్, అంటే నీళ్లు దిగకుండ పూసే మందు, ఉంటది, మడిస్తే అది చిట్లి నీళ్లు దిగుతయి. మడిచినంక మళ్ల సీలర్ పూసి, రంగు టచప్ చేయాలె. నేను మొదటిసారి చేయనిది అదే. చక్రాలు బిగించినంక 50, 100 మైళ్లు తిరిగి బోల్టులు టార్క్ రెంచ్‌తోని, అంటే బిగింపు కొలిచే పానాతోని, మళ్ల చూడు, సివిక్‌కు 80 పౌండ్ ఫుట్.

ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలె, లీజు బండైతే ముట్టుకోవద్దు, ఇన్‌స్పెక్షన్ ఒక్కో రాష్ట్రంల ఒక్కో తీరు, అవన్నీ వాళ్ల సైట్లల్ల ఉంటయి చూస్కో.

నీ అసొంటి పిల్లలు మంచి చక్రాలు అంటే పెద్దవే అనుకుంటరు. నీది కూడ నా బండి తరం సివిక్కే కదా, దాని స్పోర్ట్స్ మోడల్ ఎస్‌ఐకి కంపెనీ ఇచ్చిందే 17 అంగుళాలు, వెడల్పు 7, ఆఫ్‌సెట్ 45, టైరు 215/45. నీ దానికన్న 6 మిల్లీమీటర్లే బయటికొస్తది, రేకు ముట్టుకునే పనే లేదు. పాతయి దొరుకుతయి. అవి కూడ లోన్ ఒక ఆరు నెలలు కట్టినంక కొను. మీ నాయిన ఈఎంఐ ఏ తారీకున కట్టాల్నో నీకు తెల్సా?

అయినా 18 కావాల్నంటే, ఇప్పుడు చలిల మటుకు చేయకు. జనవరి మూడో వారం నేను తిరిగొస్త, రోలర్, హీట్ గన్ రెండూ నా గరాజ్‌ల ఉన్నయి, కొనకు. మే నెలల ఇంటికి రా, చేద్దాం. అప్పటిదాక నువ్వు కొనాలనుకుంటున్న చక్రం లోపల రాసిన వెడల్పు, ఆఫ్‌సెట్ ఫోటో తీసి పంపు, వెనక సీట్ల ముగ్గురిని కూసోబెట్టి, టైరు పై అంచుకూ ఫెండర్ అంచుకూ మధ్యల ఎన్ని మిల్లీమీటర్లు ఉందో రెండు దిక్కులా కొలిచి పంపు.