తాళ్ల కింద పాత గుడ్డలు: మేనల్లుడికి ఒక ఉత్తరం

నాన్నా,

ప్రభువు నామంలో నీకు, అమ్మాయికి, పిల్లలిద్దరికీ వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాన్నకి ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదు గానీ, ముద్ద మింగడం కాస్త తేలికైంది. మీ అమ్మ వారం నుంచి రాత్రిళ్లు కొంచెం నిద్రపోతోంది.

మొన్న రాత్రి నువ్వు ఫోన్లో మాట్లాడింది మీ అత్తయ్య కూడా విన్నది. చర్చి కమిటీ ఎన్నికల్లో నీ పేరు రాలేదని, పదకొండేళ్లుగా యూత్ మీటింగులు, మైకులు, కుర్చీలు అన్నీ నువ్వే చూసుకుంటుంటే నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి పెద్దగా నిలబెట్టారని అన్నావు. అప్పటి నుంచి మూడు ఆదివారాలుగా గుడికి వెళ్లడం లేదని మాత్రం నువ్వు చెప్పలేదు, మీ అమ్మ చెప్పింది. ఫోన్లో నాకు మాట రాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఎన్నికలకి ముందే ఒప్పుకున్న పురుషుల కూడిక వచ్చే నెలలో ఉందని, దావీదు గురించి చెప్పాలా దానియేలు గురించి చెప్పాలా అని కూడా అడిగావు. వాళ్ల గురించి ఎవరైనా చెబుతారు. బైబిల్లో నాలుగు వచనాల్లో కనబడి వెళ్లిపోయే మనుషులు కొందరున్నారు. మగవాడిగా ఎలా బతకాలో నేను ఎక్కువగా వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. కూడికలో చెబుతావో లేదో తర్వాత సంగతి, ముందు నువ్వు చదువు.

అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయం తియ్యి. ప్రభువు ఏర్పరచుకున్న పన్నెండుమంది శిష్యుల్లో ఇస్కరియోతు యూదా పోయాక ఆ ఖాళీలో ఒకరిని పెట్టాలని పేతురు లేచి మాట్లాడతాడు. యోహాను బాప్తిస్మం ఇచ్చిన రోజుల నుంచి ప్రభువు పరలోకానికి వెళ్లిన రోజు దాకా తమతో తిరిగినవాడై ఉండాలన్నది అర్హత. ఇంచుమించు 120 మంది ఉన్న ఆ గుంపులోంచి రెండు పేర్లు వచ్చాయి. ఒకటి మత్తీయ. రెండోది యోసేపు, బర్సబ్బా అనేవారు, యూస్తు అని మారుపేరు. చీట్లు వేశారు. మత్తీయ పేరు వచ్చింది. ఈ యోసేపు మళ్లీ బైబిల్లో ఎక్కడా కనబడడు.

నేను ఎప్పుడు చదివినా అతని దగ్గరే ఆగిపోతాను. పేతురు చెప్పిన అర్హతకి సరిపోయాడంటే, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ప్రభువు వెంట నడిచాడన్నమాట. పన్నెండుమందిని పేరుపేరునా ఏర్పరచుకున్నప్పుడు అతని పేరు లేదు. ముగ్గురిని కొండ మీదికి తీసుకెళ్లినప్పుడు అతను లేడు. అయినా మర్నాడు మళ్లీ వచ్చాడు. అన్నేళ్లు అతను ఏ పదవీ లేకుండానే వచ్చాడు. ఇంకో సంగతి గమనించు, చీటిలో పేరు వచ్చిన మత్తీయ కూడా ఆ తర్వాత మరెక్కడా కనబడడు.

నాకూ ఇలాగే అయింది, నీకెప్పుడూ చెప్పలేదు. అప్పుడు నాకు నలభై ఏళ్లు. సంఘ పెద్దల ఎన్నికలో నా పేరు పడలేదు. ఏడు నెలలు గుడి మెట్లెక్కలేదు. ఆ ఏడు నెలల్లోనే మన గుడి గంట కొట్టే తాతకి జబ్బు చేసింది. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని గంట తాడు పట్టుకోనిచ్చిన మనిషి. రెండు మూడుసార్లు నా గురించి అడిగాడట. ఆయన ఇల్లు గుడి వెనకాలే. ఆ దారిన వెళితే కమిటీవాళ్లు ఎదురుపడతారని నేను ఆ వీధిలోకే వెళ్లలేదు. ఆయన్ని మళ్లీ చూసింది సమాధుల తోటలోనే. ఎన్నికలో ఎవరెవరు నెగ్గారో నాకిప్పుడు సరిగ్గా గుర్తు లేదు. ఆ తాత మాత్రం గంట మోగిన ప్రతి ఆదివారం గుర్తొస్తాడు. ఈ మూడు ఆదివారాల్లో నీ కోసం ఎవరు గుమ్మం వైపు చూశారో కనుక్కో. ఎవరో ఒకరు ఉంటారు.

ఆ కోపంతోనే నేను నెగ్గి ఉంటే ఏమయ్యేవాణ్ణో అని తర్వాత భయమేసింది. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనే ఒకడున్నాడు. సంఘంలో ప్రధానత్వం కోరుకున్నాడు, వచ్చిన సహోదరుల్ని చేర్చుకోలేదు, చేర్చుకునేవాళ్లనీ అడ్డుకున్నాడు. ఆ ఒక్క కోరికతోనే అతని పేరు మనదాకా వచ్చింది. అంతకంటే అతని గురించి చెప్పాల్సింది లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి గురించి చెబుతాను. యిర్మీయా 38వ అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టిన రోజులు, క్రీస్తుపూర్వం 587 ప్రాంతం. లొంగిపోతే బతుకుతారని యిర్మీయా చెబుతున్నాడు. సైనికుల ధైర్యం చెడగొడుతున్నాడని అధిపతులు రాజు మీదికొచ్చారు. మీకు అడ్డం చెప్పడం నా వల్ల కాదని సిద్కియా రాజు చేతులెత్తేశాడు. వాళ్లు ఆ ప్రవక్తని తాళ్లతో మల్కీయా గోతిలోకి దింపారు. అందులో నీళ్లు లేవు, బురదే. యిర్మీయా ఆ బురదలో దిగబడిపోయాడు.

అప్పుడు వస్తాడు ఎబెద్మెలెకు. కూషు దేశస్థుడు, అంటే ఐగుప్తుకి దక్షిణాన, ఇప్పటి సూడాన్ వైపు మనిషి. రాజు ఇంట్లో పనిచేసే షండుడు. ఎబెద్ అంటే సేవకుడు, మెలెకు అంటే రాజు. రాజు సేవకుడు, అంతే. తల్లి పెట్టిన పేరు అదేనో కాదో కూడా మనకి తెలీదు. నా అన్నవాడు లేని పరాయివాడు, పిల్లల్లేనివాడు, అతను పోతే అడిగేవాడు లేడు. అలాంటివాడు బెన్యామీను గుమ్మం దగ్గర, నలుగురూ చూసే చోట కూర్చున్న రాజు దగ్గరికి వెళ్లి, ఈ మనుషులు చేసింది చెడ్డ పని, పట్టణంలో రొట్టె లేదు, అతను ఆకలికి అక్కడే చచ్చిపోతాడని చెప్పాడు. రాజుకే లేని ధైర్యం ఇతనికి ఉంది. రాజు 30 మందిని తోడిచ్చి, వెళ్లి పైకి తియ్యమన్నాడు.

చాలామంది బోధకులు ఇక్కడిదాకా చెప్పి ఆ ధైర్యాన్ని మెచ్చుకుని వదిలేస్తారు. నువ్వు ఇంకో రెండు వచనాలు చదువు. ఎబెద్మెలెకు తిన్నగా గోతి దగ్గరికి వెళ్లలేదు. ముందు రాజు ఇంట్లో ఖజానా కింది గదికి వెళ్లాడు. అక్కడ పడేసిన పాత బట్టలు, చిరుగుల గుడ్డలు ఏరి తెచ్చాడు. వాటిని తాడుతో గోతిలోకి వదిలి, వీటిని నీ చంకల కింద పెట్టుకుని వాటి మీద తాళ్లు వేసుకో అని యిర్మీయాకి చెప్పాడు. ఆ తర్వాతే లాగారు.

నేను 31 ఏళ్లు కరెంటు లైన్‌మన్‌గా చేశాను. తాడు ఒంటిని ఏం చేస్తుందో నాకు తెలుసు. వైరు లాగేటప్పుడు భుజం మీద గోనెపట్టా మడిచి వేసుకోకపోతే సాయంత్రానికి చొక్కా చర్మానికి అతుక్కుపోయేది. ఉద్యోగంలో చేరకముందు, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, మన ఊరి చెరువు కట్ట దగ్గర బావిలో పూడిక తీస్తూ ఒకతను లోపల కూలబడిపోయాడు. మేం ఎనిమిదిమందిమి. ఒకడు దిగి అతని చంకల కింద మోకు కట్టాడు. అందరం బలం కొద్దీ లాగాం. పైకి తెచ్చాం, బతికాడు. ఊరంతా మా భుజాలు తట్టారు. పక్కన పడుకోబెట్టి చూస్తే రెండు చంకల కిందా తోలు లేచిపోయి ఉంది. నెల రోజులు ఆ మనిషి చేతులు దించలేక, ఎత్తలేక, భార్య ముద్ద పెడితే తిన్నాడు. ఆ రోజు మా ఎనిమిదిమంది భుజాల మీదా తువ్వాళ్లు ఉన్నాయి. ఒక్కడికీ తోచలేదు.

అందుకే ఆ గుడ్డల దగ్గరికి వచ్చేసరికి నాకు కళ్లు తడుస్తాయి. ప్రాణం పోయేంత తొందరలో, అధిపతులు మనసు మార్చుకుంటే తన తలే పోయే పరిస్థితిలో, అతను ఆగి అవతలి మనిషి చంకల గురించి ఆలోచించాడు. లాగే బలం ఆ 30 మందికీ ఉంది. తాడు ఎక్కడ కోస్తుందో అతనొక్కడే చూశాడు. పట్టణం పడిపోయినప్పుడు నిన్ను తప్పిస్తానని, నన్ను నమ్ముకున్నావు గనక నీ ప్రాణం దక్కుతుందని దేవుడు అతనికి ప్రత్యేకంగా కబురు పంపాడు. అది 39వ అధ్యాయం చివర్లో ఉంది.

నీకు ఇది రాయడానికి కారణం మీ నాన్న. నువ్వు నెల నెలా డబ్బు పంపిస్తున్నావు, మందులు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నావు, అందులో లోపం లేదు. పోయినసారి వచ్చినప్పుడు బావని మంచం మీంచి లేపడానికి రెండు చేతులూ పట్టుకుని లాగావు. ఆయన ఏమీ అనలేదు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగితే భుజం కీలు దగ్గర ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది. మా నాన్నకి నేనూ అలాగే చేశాను, ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి తిట్టేదాకా నాకు తెలీలేదు. ముందు మంచి చెయ్యి ఉన్న వైపు దొర్లించాలి. కాళ్లు మంచం దించి, వీపు వెనక చెయ్యి వేసి నెమ్మదిగా కూర్చోబెట్టాలి. నడుం చుట్టూ మందంగా మడిచిన తువ్వాలు వేసి దాన్ని పట్టుకుని లేపాలి. చెయ్యి పట్టుకోకూడదు. ఆ చేతి కింద ఎప్పుడూ దిండు ఉండాలి. మొదటిసారి ఫిజియో అబ్బాయి పక్కన ఉండగా చెయ్యి.

ఇంట్లో కూడా ఇదే మాట. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి మాట్లాడకుండా వంటింట్లోకి పోయిందంటే తాడు ఎక్కడో కోస్తోందని అర్థం. ఏమైందని నిలదీయకు. పొయ్యి దగ్గర నువ్వు నిలబడు, ఆమెని కూర్చోమను.

ఇద్దరూ ఆడపిల్లలే అని మీ వైపు వాళ్లెవరో అన్నారని బాధపడ్డావు. నెహెమ్యా మూడో అధ్యాయం చదువు. అంతా పేర్ల పట్టీ అని దాటేస్తాం. యెరూషలేము గోడ ఎవరెవరు ఏ ముక్క కట్టారో ఉంటుంది. తెకోవ ఊరివాళ్లు కట్టారు గానీ వాళ్ల పెద్దలు మెడ వంచలేదని రాసిపెట్టాడు. పన్నెండో వచనంలో హల్లోహేషు కొడుకు షల్లూము వస్తాడు. యెరూషలేములో సగం భాగానికి అధికారి. అతనూ అతని కూతుళ్లూ కలిసి కట్టారట. అంత హోదా ఉన్నవాడు కూతుళ్లని వెంటబెట్టుకుని రాళ్ల మధ్యకి వచ్చాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. క్రిస్మస్ ముందు గుడికి సున్నం వేసేటప్పుడు నువ్వు నీ పిల్లల్ని తీసుకెళ్లు. బట్టలు పాడైతే పాడవనీ. నాన్న నాకు బ్రష్ ఇచ్చాడని వాళ్లు ముసలైనా చెప్పుకుంటారు.

ఇంకొకతను ఒనేసిఫోరు. రెండో తిమోతి మొదటి అధ్యాయం చివర ఉంటాడు. పౌలు సంకెళ్లలో ఉన్నాడు, ఆసియలోని (ఇప్పటి టర్కీ వైపు ప్రాంతం) వాళ్లంతా మొహం చాటేశారు. ఇతను రోముకి వచ్చి, వెతికి వెతికి పట్టుకున్నాడు. సంకెలని చూసి సిగ్గుపడలేదు. నీతో గిటార్ వాయించిన కుర్రాడు ఆన్‌లైన్ రమ్మీలో అప్పులపాలై రూమ్ మారిపోయాడని, ఫోన్ ఎత్తడం లేదని చెప్పావు. ఎత్తడు నాన్నా, సిగ్గుతో ఎత్తడు. పాత రూమ్ వాళ్లని అడుగు, ఆఫీసు దగ్గర ఆరా తియ్యి, వెళ్లు. వెళ్లి డబ్బు మాట ఎత్తకుండా టిఫిన్‌కి తీసుకెళ్లు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఈమధ్య బర్జిల్లయి దగ్గర ఎక్కువ కూర్చుంటున్నాను. కొడుకు అబ్షాలోము తిరగబడితే దావీదు రాజు పారిపోయి మహనయీముకి వచ్చినప్పుడు, మరో ఇద్దరితో కలిసి సామాను తెచ్చిన ముసలాయన. 2 సమూయేలు 17లో ఆ సామాను జాబితా ఉంది. గోధుమలు, పిండి, తేనె, వెన్న, గొర్రెలు అన్నీ ఉన్నాయి గానీ, అన్నిటికంటే ముందు రాసింది పరుపులు. నడిచి నడిచి వచ్చినవాళ్లకి మొదట ఏం కావాలో ఆయనకి తెలుసు. తర్వాత దావీదు నాతో యెరూషలేముకి రా, నిన్ను పోషిస్తానంటే, నాకు 80 ఏళ్లు, తిన్నది రుచి తెలుస్తుందా, పాడేవాళ్ల పాట వినబడుతుందా, నా ఊళ్లోనే పోనివ్వు, నా బదులు ఈ కింహాముని తీసుకెళ్లు అన్నాడు. నాకింకా అంత వయసు రాలేదు. అయినా వచ్చే ఏడాది పెద్దల్లో నా పేరు రాయొద్దని పాస్టరు అయ్యగారికి మొన్ననే చెప్పాను. ఇక్కడ కుర్రాళ్లు ఇద్దరు ఎదిగివచ్చారు.

రెండో శనివారం బయల్దేరి రా. ఆదివారం పొద్దున్నే నాన్నకి స్నానం నువ్వే చేయించు, తర్వాత ముగ్గురం గుడికి వెళదాం. వీల్‌చైర్ పట్టేలా వెనక గుమ్మం దగ్గర రేకు వాలుగా వేయించాను. పాత తువ్వాళ్లు నాలుగు మీ అత్తయ్య ఉతికి ఆరేసింది.

నీ మావయ్య