అమ్మాయ్, బాక్స్ ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకో

అమ్మాయ్ స్వాతీ,

ఫైబర్ కనెక్షన్‌కి డబ్బు కట్టేశామని, ఈ వారంలోనే మనిషి వచ్చి బిగిస్తాడని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. కింద మీ అత్తగారు, మావగారు, పైన మీ ఇద్దరూ, ఒక్క కనెక్షన్‌తోనే రెండు పోర్షన్లకీ సరిపెట్టుకోవాలని కదా మీ ఆలోచన. సరిపోతుంది, రెండో కనెక్షన్ దండగ. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. నా సర్వీసంతా టెలిఫోన్ వైర్లతోనే గడిచింది కాబట్టి నాకు వైరు మీద పక్షపాతం ఉందనుకుంటావేమో, అనుకో, అయినా నా మాట విను: వైరు వెయ్యగలిగిన చోటల్లా వైరు వేసి, వెయ్యలేని వాటికి వైఫై వదిలెయ్యి. జనం దీన్ని తిరగేసి చేస్తారు, తర్వాత నెట్ స్లో అని కంపెనీని తిడతారు.

ముందు బాక్స్ (ఫైబర్ వైరు వచ్చి చేరేది, ఇంటికి వైఫై ఇచ్చేది) ఎక్కడ ఉండాలో తేల్చండి. వచ్చే అబ్బాయికి సాయంత్రంలోపు ఇంకా ఇళ్లుంటాయి. స్తంభం మీంచి వైరు లాగి, మొదట కనిపించిన కిటికీలోంచి లోపలికి తెచ్చి, పక్కనే ఉన్న టీవీ వెనకాల బాక్స్ పెట్టేసి, ఫోన్‌లో ఒకసారి స్పీడు చూపించి వెళ్లిపోతాడు. రెండడుగుల దూరంలో నిలబడి చూస్తే ఎవరికైనా స్పీడు బ్రహ్మాండంగానే వస్తుంది. అసలు సంగతి నువ్వు పై గదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగ్‌లో కూర్చున్నప్పుడు తెలుస్తుంది. మీ మావగారు కట్టించిన ఇల్లు తొమ్మిదంగుళాల గోడలది, మధ్యలో ఇనుప చువ్వల శ్లాబు. వాటిని దాటి పైకొచ్చేసరికి సిగ్నల్‌లో పస ఉండదు. అందుకని హాల్లో మెట్ల మొదలు దగ్గర, మనిషి తల ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండే చోటు చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచు. బీరువా పక్కన వద్దు, నిలువుటద్దం వెనక వద్దు, ఫ్రిజ్ మీద అసలే వద్దు, అందంగా ఉంటుందని చెక్క కప్‌బోర్డులో పెట్టి తలుపు వెయ్యొద్దు, బాక్స్ వేడెక్కుతుంది కూడా. ఇంకో పది మీటర్లు వైరు ఎక్కువ లాగమంటే అబ్బాయి మొహం చిట్లిస్తాడేమో గానీ ఆ ఫైబర్ పెద్ద ఖరీదేం కాదు, మర్యాదగా అడిగి కాస్త టీ ఇస్తే లాగుతాడు.

ఆ వైరు సంగతి ఒకటి తెలుసుకో. లోపల ఉండేది రాగి కాదు, వెంట్రుకంత గాజు పోగు, దాంట్లో కాంతి నడుస్తుంది. మడత పడితే కాంతి పక్కకి కారిపోతుంది, గట్టిగా మడిస్తే విరిగిపోతుంది. మిగిలిన వైరు చుట్ట చుట్టాల్సి వస్తే చేతి గాజు కంటే చిన్న చుట్ట చుట్టనివ్వకు. తలుపు సందులోంచి, కిటికీ రెక్క కింది నుంచి పోనివ్వకు, గోడకి చిన్న రంధ్రం చేయించు. చివర ఆకుపచ్చ కనెక్టర్ ఉంటుంది, దాని కొసని వేలితో ముట్టుకోవద్దు, ఊడదీసి లోపల లైటు వస్తోందా అని కంటికి దగ్గరగా పెట్టి అసలు చూడొద్దు. ఆ కాంతి కంటికి కనిపించదు కానీ లేజర్ లేజరే.

బాక్స్ మీద లైట్లు ఉంటాయి కదా, వాటిలో రెండు నేర్చుకుంటే చాలు. పీఓఎన్ అన్నది ఆకుపచ్చగా కదలకుండా వెలగాలి. ఎల్ఓఎస్ అన్నది ఆరిపోయి ఉండాలి, అది ఎర్రగా కొట్టుకుంటోందంటే బయట ఎక్కడో వైరు తెగిందని, లేదా మీ ఇంట్లోనే నలిగిందని. అప్పుడు బాక్స్‌ని పదిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు, వైరు ఎక్కడైనా మడతపడిందేమో ఒకసారి చూసి, లేకపోతే కంప్లైంట్ పెట్టుకోవడమే. ఎల్ఓఎస్ ఆరి, పీఓఎన్ బాగానే ఉండి, ఇంటర్నెట్ లైటు మాత్రం రాకపోతే లైను బాగానే ఉంది, లాగిన్ దగ్గర తేడా వచ్చింది. చాలాసార్లు బిల్లు గడువు దాటి ఉంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు "నెట్ రావట్లేదండీ" అని కాకుండా "ఎల్ఓఎస్ ఎర్రగా వస్తోంది" అని చెప్పి చూడు, అవతలివాళ్లు నేరుగా లైన్‌మన్‌కి రాసేస్తారు.

ఇక పై పోర్షన్. చాలామంది ఇక్కడే ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే రిపీటర్ కొని ప్లగ్‌లో గుచ్చుతారు. నాకది నచ్చదు. అది కింది బాక్స్ సిగ్నల్‌ని గాలిలో అందుకుని మళ్లీ అదే గాలిలో పంపాలి, చవక రకాల్లో ఈ రెండు పనులూ ఒకే రేడియో చేస్తుంది కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. అదీ రిపీటర్ దాకా మంచి సిగ్నల్ వచ్చినప్పటి మాట. మెష్ అని, ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే వైఫై బాక్సుల జట్టు, వేలకి వేలు పోసి కొనేవి ఇంతకంటే మేలే గానీ మీ ఇంటికి అంత అవసరం లేదు. కింది బాక్స్ నుంచి ఒక ల్యాన్ కేబుల్ (నెట్ మోసే రాగి వైరు) మెట్ల గోడ వెంట పైకి తీసుకెళ్లి, పైన మామూలు రౌటర్ ఒకటి పెట్టుకో. మొన్న ఇల్లు మారినప్పుడు తెచ్చిన పాత రౌటర్ ఉందన్నావు కదా, అదే పనికొస్తుంది.

కేబుల్ క్యాట్ 6 తీసుకో, క్యాట్ 5ఈ అయినా గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్ స్పీడుకి, చాలు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. షాపులో మాత్రం పూర్తి రాగిదేనా అని గట్టిగా అడుగు. అల్యూమినియం మీద రాగి పూత పూసింది చవగ్గా అంటగడతారు, కొన్నాళ్లకి జాయింట్ల దగ్గర విరిగిపోతుంది. గోడలో కరెంటు వైర్లు వెళ్లే పైపులోంచే దీన్ని కూడా లాగేస్తానని ఎలక్ట్రీషియన్ అంటాడు, వద్దని చెప్పు, ప్రమాదం, పైగా సిగ్నల్‌కి రొద. పక్కన విడిగా సన్న పీవీసీ పైపు వేయించు. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, జంటలు జంటలుగా: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఒక్కోదానికీ తెల్లచార జోడీ. ప్లగ్ బిగించేవాడు ఎనిమిదీ బిగించాలి. నాలుగే బిగించినా నెట్ వస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు, కానీ 100 ఎంబీపీఎస్ దాటదు. పాత రౌటర్ల పోర్టులు కూడా కొన్ని 100 దగ్గరే ఆగిపోతాయి. 200 ప్లాన్ కట్టి ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగుతోందంటే కంపెనీని అనుమానించే ముందు ఈ రెండూ చూసుకో.

ఇప్పుడు అసలు మెలిక. పై రౌటర్‌కి వెనక నాలుగు పోర్టులు ఒక రంగులో, ఒకటి వేరే రంగులో ఉంటాయి. వేరే రంగుది వాన్ పోర్టు, బయటి నెట్ లోపలికొచ్చేది. మిగిలిన నాలుగూ ల్యాన్ పోర్టులు, ఇంట్లో వస్తువులకి. కేబుల్ పట్టుకెళ్లి దాంట్లో గుచ్చేస్తే పై రౌటర్ తనే ఇంకో ఇల్లు పెట్టేసుకుంటుంది, కింద ఉన్న వస్తువులు పైవాటికి కనిపించవు, నీ ల్యాప్‌టాప్‌లోంచి కింద మీ మావగారి ప్రింటర్‌కి ఇస్తే దొరకడంలేదంటుంది. రెండు బాక్సులూ 192.168.1.1 అనే అడ్రసు మీదే కూర్చున్నాయంటే మొత్తానికే నెట్ రాకపోవచ్చు. ఇలా చెయ్యి. కింది బాక్స్‌తో కలపకముందే పై రౌటర్‌ని ల్యాప్‌టాప్‌కి వైరుతో తగిలించి, బ్రౌజర్‌లో దాని అడ్రసు కొట్టు. అడ్రసు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (సొంత ఇల్లు పెట్టుకోకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) ఉంటే అది పెట్టేస్తే పనైపోయినట్టే. లేకపోతే రెండు మార్పులు చెయ్యాలి: ల్యాన్ అడ్రసు 192.168.1.2 చేసి సేవ్ చెయ్యి (కింది బాక్స్ 192.168.1.1 అయితేనే సుమా, దాని స్టిక్కర్ కూడా చూసుకో), తర్వాత డీహెచ్‌సీపీ అన్నది ఆపెయ్యి. ఇంట్లో వస్తువులకి అడ్రసులు పంచే పని డీహెచ్‌సీపీది, అది కింది బాక్స్ ఒక్కటే చెయ్యాలి. అప్పుడు కేబుల్‌ని కింద ల్యాన్ పోర్టు నుంచి పైన ల్యాన్ పోర్టుకే కలుపు, వాన్ పోర్టు ఖాళీగా వదిలెయ్యి.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం పైనా కిందా ఒకటే పెట్టు, ఫోన్ పట్టుకుని మెట్లెక్కితే అదే మారిపోతుంది. ఛానల్ (గాలిలో వైఫై నడిచే దారి) మాత్రం వేరువేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11, కింద 1 పెడితే పైన 6 పెట్టు, పక్కింటివాళ్లు దేనిమీద ఉన్నారో ఫోన్‌లో ఏదైనా వైఫై యాప్‌తో చూసుకుని మార్చుకో. ఈ 2.4 గోడలు దాటుతుంది కానీ స్పీడు తక్కువ, వీధిలో అందరి బాక్సులూ దానిమీదే ఉంటాయి, మైక్రోవేవ్ తిప్పినప్పుడు కూడా అది తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ కానీ రెండు గోడలు దాటితే నీరసపడుతుంది. నీ ల్యాప్‌టాప్ 5 మీద ఉండాలి. వైఫై బల్బులు, గేటు దగ్గర కెమెరా లాంటివి చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి, అవి కనెక్ట్ కాక మొండికేస్తే 5కి వేరే పేరు పెట్టి చూడు.

ఆ గేటు కెమెరాని ఊళ్లో లేనప్పుడు చూడ్డానికి పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపుని బాక్స్ నేరుగా కెమెరాకి పంపే ఏర్పాటు) చెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే ముందు బాక్స్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే బయటి నెట్‌లో మీ బాక్స్ అడ్రసు, చూడు. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే నీకిచ్చింది సొంత అడ్రసు కాదు, చాలామంది కస్టమర్లకి కలిపి ఇచ్చింది, ఎంత ఫార్వార్డ్ చేసినా పనిచెయ్యదు. కెమెరా కంపెనీ యాప్‌తోనే చూసుకోండి.

కింద అత్తగారి టీవీకి ల్యాన్ కేబులే పెట్టు. టీవీ కదిలేది కాదు, పైగా ఇంట్లో అందరికంటే ఎక్కువ నెట్ తాగేది అదే. దాన్ని గాలి మీంచి దింపేస్తే మిగిలినవాళ్లకి ఊపిరాడుతుంది. నీ ఆఫీసు టేబుల్ దగ్గర కూడా పై రౌటర్ నుంచి ఒక వైరు పెట్టుకుంటే మీటింగుల టెన్షన్ ఉండదు.

ప్లాన్ విషయంలో పెద్ద నంబరు చూసి పడిపోకండి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి పన్నెండున్నర ఎంబీ దిగుతుందని అర్థం, బిట్లని ఎనిమిదితో భాగించాలి. 4కే సినిమాకి 25 ఉంటే చాలు, వీడియో మీటింగ్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. నలుగురికి 100 ధారాళం. 2023 జనవరి దాకా మన దేశంలో 512 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అనే లెక్క, ఇప్పుడు కనీసం 2 ఎంబీపీఎస్ అన్నారు, మీరు దానికి యాభై రెట్ల మీదున్నారు. స్పీడు ఎప్పుడు కొలిచినా బాక్స్‌కి వైరుతో కట్టిన ల్యాప్‌టాప్ మీద కొలువు. వైఫైలో కొలిచి చూపిస్తే కంపెనీవాళ్లు ఒప్పుకోరు, అందులో వాళ్ల తప్పు లేదు.

పాస్‌వర్డ్ దగ్గర మీ మావగారితో కొంచెం ఓపిగ్గా మాట్లాడాల్సి వస్తుంది, ఆయన మనసు పెద్దది, వీధిలో పిల్లలందరికీ చెప్పేస్తారు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు ఉగ్రవాదులు మెయిల్ పంపింది నవీ ముంబైలో ఎవరిదో తాళం లేని వైఫై వాడుకుని, పోలీసులు నేరుగా వెళ్లింది ఆ కనెక్షన్ ఉన్న ఇంటికే. ఈ కనెక్షన్ మీ ఆయన ఆధార్ మీద ఉంది, గుర్తుపెట్టుకోండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 కానీ డబ్ల్యూపీఏ3 కానీ ఎంచుకో, డబ్ల్యూపీఎస్ అనే, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్ నొక్కి కనెక్ట్ అయ్యే సౌకర్యం ఆపెయ్యి, ఫోన్ నంబరునీ ఇంటిపేరునీ పాస్‌వర్డ్‌గా పెట్టొద్దు. వచ్చేపోయే వాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటుంది, అది తెరిచి దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మావగారికివ్వు, ఎవరికైనా పంచుకోనీ, పండగ తర్వాత మార్చేసుకో. పైన యాక్సెస్ పాయింట్‌లో ఈ గెస్ట్ సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు, కింద ఒక్కటే చాలు. ఇదికాక బాక్స్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరే ఉంటుంది, బిగించే అబ్బాయి దాన్ని అడ్మిన్, అడ్మిన్ అనే వదిలేసి వెళ్తాడు, అతను గుమ్మం దాటకముందే మార్పించు.

అతను ఉన్నప్పుడే కస్టమర్ ఐడీ, పీపీపీఓఈ (బాక్స్ కంపెనీ లైన్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, బాక్స్‌లో నింపాల్సిన వీల్యాన్ నంబరు అడిగి రాసుకో. కొందరు ఇవ్వరు, అడగడంలో తప్పు లేదు. ఎందుకంటే బాక్స్ వెనక సూది పట్టేంత కన్నం ఒకటి ఉంటుంది, రీసెట్ అని. నెట్ ఆగిందని ఎవరో ఒకరు పిన్నీసు తెచ్చి దాన్ని నొక్కుతారు, దాంతో కంపెనీ పెట్టిన వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోయి అరగంటలో వచ్చేసే నెట్ రెండ్రోజులు రాకుండా పోతుంది. ఆపి వెయ్యాలంటే స్విచ్ ఉంది, ఆ కన్నం మీద టేపు అంటించెయ్యి.

కరెంటు పోతే రెండు బాక్సులూ ఆగుతాయి. చిన్న మినీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, కొనే ముందు అడాప్టర్ల మీద ఎన్ని ఓల్టులు, ఎన్ని ఆంప్స్ అని చదువు. ఫైబర్ బాక్సులు ఎక్కువగా 12 ఓల్టులవి, చిన్న రౌటర్లు కొన్ని 9వి, పిన్ను పట్టిందని ఒకదానిది ఇంకోదానికి పెడితే కాలిపోవచ్చు. మబ్బు పట్టి ఉరుములు వచ్చేలా ఉంటే ముందే ప్లగ్గులు తీసెయ్యడంతో పాటు మెట్ల గోడ మీంచి వచ్చే ల్యాన్ కేబుల్ కూడా రెండు చివరలా ఊడదియ్యి. ఫైబర్‌లోని గాజు పోగు ద్వారా పిడుగు రాదు కానీ రాగి కేబుల్ తెస్తుంది, ముందు పోయేది ఆ పోర్టులే.

కేబుల్ ఇంకా కొనకు. హాల్లో గుర్తు పెట్టిన చోటు నుంచి పైన నీ టేబుల్ దాకా టేపుతో కొలిచి, మూలల దగ్గర వంపులు కూడా కలుపుకుని, ఎన్ని మీటర్లో చెప్పు. పాత రౌటర్ అడుగున స్టిక్కర్ ఫొటో కూడా పంపు, దాంట్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉందో లేదో చూసి చెబుతాను. ప్లగ్గులు బిగించే క్రింపింగ్ టూల్, టెస్టర్ నా దగ్గరే ఉన్నాయి, తెనాలి వచ్చేటప్పుడు పట్టుకొస్తాను, ఎలక్ట్రీషియన్ చేత పైపు మాత్రం వేయించి ఉంచండి.

మీ మావయ్య