పాఠకుల ప్రశ్నలు: ఆచార్యుల పరిశోధనాసక్తులను ఎలా చదవాలి?

బయోకెమిస్ట్రీ, బయోఫిజిక్స్ విభాగాలలో పీహెచ్‌డీకి ప్రయత్నిస్తున్న వారి నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలకు ఈసారి సమాధానాలిస్తున్నాము. మొదటి ఉత్తరంలోని సందేహం చాలామందిది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: నేను బెంగళూరులో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది అనంతపురం. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. పీహెచ్‌డీ దరఖాస్తులో, ఎవరి వద్ద పని చేయదలచుకున్నానో ముగ్గురి పేర్లు రాయమన్నారు. అధ్యాపకుల జాబితా చూస్తే ఒకరికి ‘ప్రొటీన్ ఫోల్డింగ్’ అని, ఇంకొకరికి ‘స్ట్రక్చరల్ బయాలజీ’ అని రెండేసి మాటలే ఉన్నాయి. నలుగురైదుగురికి ఒకే మాట ఉంది. వీటిని బట్టి ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: ఆ రెండేసి మాటలను బట్టి ఎంచుకోవద్దని ముందుగానే చెబుతాను. అవి ఆ ఆచార్యులు ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిచ్చినవి కావచ్చు, లేదా విభాగం వారు వర్గీకరణ కోసం పెట్టుకున్నవి కావచ్చు. ఏ పరిశోధనలోనైనా మూడు అంశాలు కలిసి ఉంటాయి: తేల్చవలసిన ప్రశ్న ఏమిటి, దాన్ని ఏ ప్రొటీన్‌లో లేదా ఏ జీవిలో వెతుకుతున్నారు, ఏ పద్ధతితో వెతుకుతున్నారు. జాబితాలోని మాట సాధారణంగా వీటిలో ఒక్కదాన్నే చెబుతుంది. ‘స్ట్రక్చరల్ బయాలజీ’ (ప్రొటీన్ల వంటి అణువుల ఆకారాన్ని తేల్చే శాస్త్రం) అన్నప్పుడు మనకు తెలిసేది పద్ధతి మాత్రమే. ఆ పద్ధతితో వారు దేనికి సమాధానం వెతుకుతున్నారో ఆ మాటలో లేదు.

ప్రొటీన్ ఫోల్డింగ్‌నే తీసుకుందాం. అమైనో ఆమ్లాల గొలుసు తనంతట తానే ఒక నిర్దిష్ట ఆకారంలోకి ముడుచుకోగలదని, అందుకు కావలసిన సమాచారం ఆ ఆమ్లాల వరుసలోనే ఉన్నదని రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌తో నిరూపించిన క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ 1972లో రసాయనశాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో కలిసి అందుకున్నారు. ఆ తర్వాత ఈ దారి అనేక పాయలుగా చీలింది. ఒక ప్రయోగశాలలో శుద్ధి చేసిన ప్రొటీన్‌ను యూరియా ద్రావణంలో విప్పి, ఆ ద్రావణాన్ని ఒక్కసారిగా పలుచన చేసి, మిల్లీసెకన్లలో అది తిరిగి ముడుచుకునే తీరును ద్రావణాలను క్షణంలో కలిపే స్టాప్డ్-ఫ్లో పరికరంలో ఫ్లోరెసెన్స్ (ప్రొటీన్ వెలువరించే కాంతి) మార్పుగా నమోదు చేస్తారు. ఇంకొక ప్రయోగశాలలో, కిక్కిరిసిన కణం లోపల ప్రొటీన్లు దారి తప్పకుండా షాపరోన్లు (ముడుచుకోవడంలో తోడ్పడే ప్రొటీన్లు) ఎలా కాపాడుతున్నాయో తెలుసుకోవడానికి బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో జన్యువులను మారుస్తూ ఉంటారు. మరొక చోట, తప్పుగా ముడుచుకున్న ప్రొటీన్లు ఆల్జీమర్స్, పార్కిన్సన్స్ వ్యాధులలో అమిలాయిడ్ పోగులుగా ఎలా పేరుకుంటాయన్నది ప్రశ్న. వేరొక ప్రయోగశాలలో అసలు పరీక్షనాళికే ఉండదు; ప్రొటీన్‌లోని ప్రతి పరమాణువు కదలికనూ కంప్యూటర్లో లెక్కగట్టే మాలిక్యులర్ డైనమిక్స్ పనే రోజంతా సాగుతుంది. నాలుగింటికీ జాబితాలో ఉన్న మాట ఒక్కటే. కానీ మీరు రానున్న అయిదారేళ్ళు కోల్డ్ రూమ్‌లో క్రొమటోగ్రఫీ కాలమ్‌ల ముందు నిలబడతారా, కోడ్ రాస్తూ కూర్చుంటారా అన్నది ఆ నాలుగింటిలో ఏది ఎంచుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది.

కాలం తెచ్చిన మార్పును కూడా గమనించాలి. ఒకప్పుడు ఒక ప్రొటీన్ నిర్మాణాన్ని తేల్చాలంటే ముందు దాన్ని స్ఫటికంగా మార్చక తప్పేది కాదు, ఎన్‌ఎమ్‌ఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల స్పందనను కొలిచే) పద్ధతికి లొంగే చిన్న ప్రొటీన్లు తప్ప. కణత్వచంలో ఇమిడి ఉండే ప్రొటీన్లు స్ఫటికాలుగా మారడానికి మొండికేసేవి కాబట్టి, ఒకే నిర్మాణం కోసం ఒక విద్యార్థి పీహెచ్‌డీ కాలమంతా గడిచిపోయిన సందర్భాలు ఉన్నాయి. స్ఫటికం అవసరం లేకుండా, గడ్డకట్టించిన ప్రొటీన్లను ఎలక్ట్రాన్లతో చిత్రించే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి 2017లో నోబెల్ వచ్చింది. బెంగళూరులోనే ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయోలాజికల్ సైన్సెస్) ప్రాంగణంలో ఆ సదుపాయం జాతీయ స్థాయిలో ఉంది. అమైనో ఆమ్లాల వరుస నుంచే ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌ను రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగభాగం దక్కింది. దీని ఫలితంగా, ‘ఫలానా ప్రొటీన్ నిర్మాణాన్ని కనుగొనడం’ అన్నదే లక్ష్యంగా పెట్టుకున్న ప్రాజెక్టుకు మునుపటి బలం లేదని నా అభిప్రాయం. ఆ నిర్మాణం పని చేసేటప్పుడు ఎలా కదులుతుంది, మరో ప్రొటీన్‌తో ఎలా జతకడుతుంది, స్థిరమైన ఆకారమే లేని భాగాలు ఏం చేస్తున్నాయి అని అడిగే ప్రయోగశాలలు మీకు ఎక్కువ నేర్పుతాయి.

ఒక మంచి ప్రశ్న ఎలా ఉంటుందో బెంగళూరు నుంచే చూపుతాను. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌ను అరిగించుకుంటూ బతుకుతుంది. అందులోంచి వెలువడే హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) తనకు విషం కనుక దాన్ని కరగని స్ఫటికాలుగా మార్చేస్తుంది. చుట్టూ అంత హీమ్ ఉన్నా అది తనకు కావలసిన హీమ్‌ను మళ్ళీ తానే తయారు చేసుకుంటుందని భారతీయ విజ్ఞాన సంస్థ బయోకెమిస్ట్రీ విభాగంలో గోవిందరాజన్ పద్మనాభన్, ఆయన సహచరులు 1990ల ఆరంభంలో చూపించారు. ఎందుకు చేసుకుంటుంది? ఆ దారిని మందుతో అడ్డుకుంటే పరాన్నజీవి చస్తుందా? రెండు దశాబ్దాల తర్వాత, 2013లో అదే బృందం ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ హీమ్ తయారీ దోమలోనూ మన కాలేయంలోనూ ఉండే దశలలో అత్యవసరం, రక్తంలోని దశలో మాత్రం అది లేకపోయినా పరాన్నజీవికి గడుస్తుంది. జాబితాలో దీన్ని ‘మలేరియా బయోకెమిస్ట్రీ’ అని రాస్తే ఆ ఆశ్చర్యమూ కనిపించదు, తొలి అంచనా ఎలా మెరుగుపడిందో కూడా కనిపించదు.

కాబట్టి జాబితాను పక్కన పెట్టి, ఆ ఆచార్యుల గత మూడు నాలుగేళ్ళ పరిశోధనా పత్రాలను పబ్‌మెడ్ అనే ఆన్‌లైన్ సూచికలో వెతకండి. పేర్ల వరుసలో చివర సాధారణంగా గైడ్ పేరు, మొదట ఆ పనిని ముఖ్యంగా చేసిన విద్యార్థి పేరు ఉంటాయి. విద్యార్థుల పేర్లు మొదట కనబడని ప్రయోగశాల విషయంలో కాస్త ఆలోచించండి. అంతకన్నా ఉపయోగపడేది, చాలామంది చేయనిది ఇంకొకటి ఉంది: ఆ ప్రయోగశాల నుంచి వెలువడిన సిద్ధాంత గ్రంథాలను చదవడం. దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. విజ్ఞాన సంస్థ గ్రంథాలకు వారి సొంత భాండాగారమే ఉంది. పత్రికలలో అచ్చయ్యే వ్యాసంలో గెలిచిన ప్రయోగాలే ఉంటాయి. గ్రంథంలో ఫలించని ప్రయోగాలు, మధ్యలో మార్చుకున్న దారులు, పద్ధతుల వివరాలు కూడా ఉంటాయి. మొదటి అధ్యాయం ఆ రంగానికి చక్కని పరిచయంగా కూడా పనికొస్తుంది.

విజ్ఞాన సంస్థలో ఏటా ఓపెన్ డే జరుగుతుంది. ఆ రోజు ప్రయోగశాలల తలుపులు అందరికీ తెరిచి ఉంటాయి, పరికరాల పక్కన విద్యార్థులే నిలబడి వివరిస్తారు. వారిని ‘మీ ప్రాజెక్టు ఏమిటి’ అని మాత్రమే కాక, ‘నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు’ అని కూడా అడగండి. కొన్ని సంస్థలలో చేరిన తర్వాత కొన్ని వారాల చొప్పున రెండు మూడు ప్రయోగశాలలలో పనిచేసి, ఆ తర్వాతే గైడ్‌ను ఎంచుకునే రొటేషన్ పద్ధతి ఉంటుంది. మీకు ఆ అవకాశం ఉంటే, ముందే నిర్ణయించుకోకుండా దాన్ని పూర్తిగా వాడుకోండి.

ప్రశ్న: నేను తిరుపతిలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బయోఫిజిక్స్‌లో పరిశోధన చేయాలని ఉంది. ఇంటర్ తర్వాత జీవశాస్త్రం ముట్టుకోలేదు. నాలాంటి వారిని తీసుకుంటారా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తీసుకుంటారు. ఈ రంగాన్ని మన దేశంలో నిలబెట్టినవారే అలా వచ్చినవారు. జి.ఎన్. రామచంద్రన్ 1942లో విజ్ఞాన సంస్థలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరి, అక్కడి నుంచి సి.వి. రామన్ వద్ద భౌతికశాస్త్రానికి మారారు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగాధిపతిగా వెళ్ళి, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో కొల్లాజెన్‌కు మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. 1963లో సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్‌లతో కలిసి ఆయన ప్రచురించిన పటాన్ని నేటికీ ప్రపంచమంతా రామచంద్రన్ ప్లాట్ అంటుంది. ప్రొటీన్ గొలుసులో ప్రతి అమైనో ఆమ్లం దగ్గర రెండు బంధాలు తిరగగలవు. పరమాణువులు ఒకదానినొకటి ఢీకొనకుండా ఆ రెండు కోణాలు ఏ విలువలు తీసుకోవచ్చో లెక్కగట్టినదే ఆ పటం. కొత్తగా తేల్చిన ఏ ప్రొటీన్ నిర్మాణమైనా నమ్మదగినదా కాదా అని చూసే పరీక్షలలో అది ఈనాటికీ ఒకటి. ఆ తర్వాత బెంగళూరుకు తిరిగి వచ్చి విజ్ఞాన సంస్థలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్‌ను స్థాపించినదీ ఆయనే. రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ పంచుకున్న, చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ కూడా ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసిన తర్వాతే జీవశాస్త్రం చదవడానికి మళ్ళీ విద్యార్థిగా చేరారు.

మీ నేపథ్యానికి సరిపోయేవి మూడు నాలుగు దిశలలో ఉంటాయి: ఒక్కొక్క అణువును కాంతి పట్టకారుతో (లేజర్ కిరణంతో) పట్టుకుని బలాన్ని కొలిచే పని, కణత్వచంలోని అయాన్ చానళ్ళ (విద్యుదావేశిత కణాలు దాటే ద్వారాల) విద్యుత్ ప్రవాహాలు, కంప్యూటర్ అనుకరణలు, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ చిత్రాల విశ్లేషణ. వీటిలో మొదటిది నాకు చాలా ఇష్టమైన రంగం. కణంలో సరుకు మోసే కైనెసిన్ అనే ప్రొటీన్ తన దారి మీద 8 నానోమీటర్ల చొప్పున అడుగులు వేస్తుందని, కొన్ని పికోన్యూటన్ల బలం లాగినా ఆగకుండా నడుస్తుందని ఆ పద్ధతితోనే కొలవగలిగారు. మీకున్న కోడింగ్ అనుభవం ఈ అన్నింటిలోనూ అక్కరకొస్తుంది. అయితే ‘లెక్కలు నేను చూసుకుంటాను, జీవశాస్త్రం వేరెవరైనా చూసుకుంటారు’ అన్న ధోరణితో మాత్రం వెళ్ళవద్దు. ఏ ప్రశ్న అడగదగినదో తెలియాలంటే ఎంజైమ్‌లు, కణత్వచాలు, జన్యు వ్యక్తీకరణ గురించి డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకం ఒకటి ఆసాంతం చదవక తప్పదు. టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్), ఎన్‌సీబీఎస్ జీవశాస్త్ర ప్రవేశ పరీక్షను ఫిజిక్స్ పట్టభద్రులు కూడా రాయవచ్చు. మిగతా చోట్ల ప్రకటనలోని అర్హతల భాగాన్ని జాగ్రత్తగా చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీకి చేరింది. క్యాన్సర్ మీద పనిచేసే ప్రొఫెసర్లు ఉండగా, ఈస్ట్ మీద పనిచేసే ఆయనను గైడ్‌గా ఎంచుకుంది. పిండి పులియబెట్టే ఈస్ట్ మీద అయిదేళ్ళు పరిశోధన చేస్తే రేపు ఉపయోగమేమిటి? జరుగుబాటు ఎలా?
– ఒక తండ్రి, మారతహళ్ళి

జవాబు: మీ ఆందోళన సహజమైనది. కానీ మీ అమ్మాయి ఎంపికను నేను సమర్థిస్తాను. కణం ఎప్పుడు విభజన చెందాలో నిర్ణయించే జన్యువులను లీలండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్ రెండు రకాల ఈస్ట్‌లలోనే కనుగొన్నారు. ఈస్ట్‌లో ఆ పని చేసే ముఖ్యమైన జన్యువు పాడైనప్పుడు మనిషి జన్యువును ప్రవేశపెడితే అది ఆ లోటును పూడ్చి కణం విభజన చెందుతుందని నర్స్ బృందం 1987లో చూపింది. 2001లో వారిద్దరికీ టిమ్ హంట్‌తో పాటు నోబెల్ లభించింది. ఆ జన్యువు తయారు చేసే ఎంజైమ్ కుటుంబానికే చెందిన ఎంజైమ్‌లను అడ్డుకునే పాల్బోసిక్లిబ్ అనే మందుకు రొమ్ము క్యాన్సర్ చికిత్స కోసం 2015లో అమెరికాలో ఆమోదం వచ్చింది. ఈస్ట్ నుంచి ఆసుపత్రి దాకా అంత దూరం ఉంది, కానీ దారి ఉంది.

మన భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలోనూ ఇదే కనిపిస్తుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రచురించినది రక్తం వంటి ద్రవాలలో ఫాస్ఫరస్‌ను కొలిచే ఒక పద్ధతి. బయటివారికి అది చాలా చిన్న విషయంగా కనిపించి ఉండవచ్చు. ఆ కొలతతో కండరాన్ని పరీక్షించినప్పుడే ఫాస్ఫోక్రియాటిన్ (కండరంలో శక్తిని నిల్వ చేసే పదార్థం) బయటపడింది, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ వెలుగు చూసింది. కండరం శక్తిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందన్న అవగాహన అక్కడి నుంచే మారింది.

జరుగుబాటు మాటకు వస్తే, 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా 42,000. హాస్టల్ ఇవ్వని పక్షంలో ఇంటి అద్దె భత్యం అదనం. అది విడుదల కావడంలో ఆలస్యాలు ఉంటాయి కాబట్టి మొదటి కొన్ని నెలలకు ఇంటి నుంచి కొంత అండ ఉంటే మంచిది. పీహెచ్‌డీ తర్వాత విశ్వవిద్యాలయ ఉద్యోగాలు తక్కువే, ఆ సంగతి దాచను. అయితే ప్రొటీన్ శుద్ధి, మాస్ స్పెక్ట్రోమెట్రీ, మైక్రోస్కోపీ చేతికి బాగా వచ్చిన వారికి బెంగళూరు, హైదరాబాద్ ఔషధ సంస్థలలో గిరాకీ ఉంది. ఆ సంస్థలు చూసేది ఆ నైపుణ్యాన్నే, దాన్ని ఏ జీవి మీద నేర్చుకున్నారన్నది వారికి అంత ముఖ్యం కాదు.

ప్రశ్న: నచ్చిన ఆచార్యులకు ఈమెయిల్ రాస్తే జవాబు రావడం లేదు. ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: క్లుప్తంగా రాయండి. ‘మీ పరిశోధన నన్ను ఎంతో ఆకర్షించింది’ అన్న వాక్యం వారికి తరచుగా వస్తూనే ఉంటుంది, దాన్ని తీసేయండి. వారి ఇటీవలి పత్రంలో మీరు నిజంగా చదివిన ఒక ప్రయోగం, దాని మీద మీకు కలిగిన ఒక సందేహం, మీరు ఇప్పటిదాకా మీ చేతులతో చేసిన పని, మీ ఫెలోషిప్ వివరం – ఈ నాలుగూ ఎనిమిది పది వాక్యాలలో చెప్పి, ఈ ఏడాది కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా అని సూటిగా అడగండి. అదే ఉత్తరాన్ని పేరు మార్చి పదిమందికి పంపవద్దు. ఒకే విభాగంలో ఉన్నవారు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. రెండు వారాలైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే వారి ప్రయోగశాలలోని సీనియర్ విద్యార్థికి రాసి, ఖాళీ ఉన్నదీ లేనిదీ కనుక్కోండి.