గామా కిరణాలను గుర్తించే సోడియం అయొడైడ్ స్ఫటికంలో థాలియం ఎందుకు కలుపుతారు? దానివల్ల స్ఫటికం రేడియోధార్మికం అవుతుందా?

గామా కిరణం నుంచి గ్రహించిన శక్తిని గది ఉష్ణోగ్రత వద్ద సమర్థంగా కాంతిగా మార్చడానికే సోడియం అయొడైడ్‌లో అతి స్వల్పంగా థాలియం కలుపుతారు. దానివల్ల స్ఫటికం రేడియోధార్మికం కాదు.

గామా కిరణం స్ఫటికంలోని పరమాణువులను, ముఖ్యంగా బరువైన అయొడిన్‌ను తాకినప్పుడు వేగంగా కదిలే ఎలక్ట్రాన్ ఒకటి వెలువడి, తన దారి పొడవునా మరెన్నో ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. అవి తిరిగి తమ స్థానాలకు చేరేటప్పుడు విడుదలయ్యే శక్తిలో ఎక్కువ భాగం శుద్ధ స్ఫటికంలోనైతే వేడిగా వృథా అవుతుంది; థాలియం అయాన్లు ఉంటే వాటి వద్ద చిక్కి, సుమారు 415 నానోమీటర్ల నీలి ఊదా కాంతిగా బయటపడుతుంది. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి దాదాపు 38,000 ఫోటాన్లు (కాంతి కణాలు) పుడతాయి. మెరుపు తీవ్రత గ్రహించిన శక్తిని అనుసరించి ఉంటుంది కాబట్టి, కిరణం వచ్చిందన్న సంగతితో పాటు అది ఏ మూలకం నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవచ్చు. కిరణాలను లెక్కించడానికే పనికొచ్చే సాధారణ గైగర్ గొట్టానికి ఇది చేతకాదు.

ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లాలోని కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. అటువంటి ఇసుకను ఈ స్ఫటికంతో పరీక్షిస్తే, థోరియం శ్రేణికి (థోరియం, అది క్షయిస్తుండగా వరుసగా పుట్టే మూలకాలకు) గుర్తయిన శిఖరం, అంటే శక్తుల పటంలో ఎత్తుగా లేచే భాగం, 2,614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కనిపిస్తుంది.

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఆ కిరణం థోరియం క్షయంలో పుట్టే థాలియం-208కు సంబంధించినది; అది రేడియోధార్మికం, దాని అర్ధాయువు (సగం క్షయించడానికి పట్టే సమయం) సుమారు 3 నిమిషాలే. స్ఫటికంలో కలిపేది థాలియం-203, 205 అనే స్థిరమైన ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణు రూపాల) సహజ మిశ్రమం. పేరు ఒకటే అయినా, మొదటిది ఇసుకలో ఉంటుంది, రెండోది పరికరంలో ఉంటుంది.