వేడెక్కే పాత గేమ్ కన్సోల్: విప్పేముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. తెలిసినవాళ్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ ప్లేస్టేషన్ 4 కొన్నాను. ఆట మొదలుపెట్టిన అరగంటకి ఫ్యాన్ హోరెత్తుతుంది, తర్వాత బాగా వేడెక్కిందని మెసేజ్ వచ్చి ఆగిపోతుంది. నేను 100కు కొన్నాననుకుంటే రిపేరు షాపులో 35 అడుగుతున్నారు, అదీ గ్యారంటీ లేకుండా. వీడియోలు చూసి ఇంట్లోనే విప్పుదామనుకుంటున్నాను. ఫ్రెండ్స్ మాత్రం దీన్ని వదిలేసి ఈఎంఐ మీద కొత్తది తీసుకోమంటున్నారు. డబ్బుపరంగా ఏది మేలు? అమ్మినాయన్ని డబ్బు వెనక్కి అడగొచ్చా?

జవాబు: ముందుగా ఆ 100ని లెక్కలోంచి తీసేయండి. అది ఖర్చయిపోయింది. 'అంత పెట్టి కొన్నాను, ఇప్పుడు వదిలేస్తే ఎలా' అన్న బాధ రిపేరు లెక్కలోకి వచ్చిందంటే ఇవాళ 35, రేపు ఫ్యాన్‌కి ఇంకొంత, ఎల్లుండి పవర్ సప్లైకి ఇంకొంత అంటూ పోతూనే ఉంటుంది. ఇక్కడ పనికొచ్చే అంకెలు రెండే. ఇదే మోడల్, బాగా పనిచేసేది, ఇవాళ సెకండ్‌హ్యాండ్‌లో ఎంతకు దొరుకుతోంది? మీదాన్ని లోపం చెప్పి ఉన్నదున్నట్టు అమ్మితే ఎంత వస్తుంది? ప్రకటనల్లో అడిగే ధరలు కాదు, నిజంగా చేతులు మారిన ధరలు కనుక్కుని రాసుకోండి.

ఉదాహరణకి మొదటిది 80, రెండోది 30 అనుకుందాం. అంటే రిపేరు వల్ల మీకు కలిసొచ్చేది మహా అయితే 50. షాపువాళ్లకి 35 ఇస్తే, పని కచ్చితంగా కుదిరినా మిగిలేది 15. గ్యారంటీ లేదన్నారు కాబట్టి, పదింట ఏడుసార్లు బాగవుతుందనుకుంటేనే ఆ 35 గిట్టుబాటు. అంతకంటే తక్కువ అవకాశముంటే షాపుకిచ్చి నష్టపోతారు. 'కుదరకపోతే చెకింగ్ ఛార్జీ మాత్రమే' అనే షాపు దొరికితే లెక్క మొత్తం మారిపోతుంది. 35ని 30కి తగ్గించమని బేరమాడటం కంటే ఈ షరతు కోసం బేరమాడటం మేలు.

ఇంట్లో చేసుకుంటే థర్మల్ పేస్టు (చిప్ వేడిని పైనున్న లోహపు దిమ్మకి అందించే ముద్ద), పాత పేస్టు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సరైన స్క్రూడ్రైవర్ బిట్లు అన్నీ కలిపి 10 అవుతుందనుకోండి. చవకే. కానీ షాపు లెక్కలో లేని ఒక ఖర్చు ఇక్కడుంది. మీ చేతిలో పట్టీలాంటి ఏ రిబ్బన్ కేబులో తెగితే, 30కి పోయే సరుకు కాస్తా విడిభాగాల కింద 10కి పోతుంది. ఆ భయాన్ని కూడా కలుపుకుంటే, పదింట నాలుగుసార్ల కంటే కాస్త ఎక్కువగా కుదిరే పనైతేనే ఇంట్లో విప్పడం లాభం. నాలుగంటే పెద్ద అడ్డంకేమీ కాదు. అయితే మీ కన్సోల్‌కి ఆ అవకాశం ఉందా లేదా అన్నది దాని జబ్బును బట్టి ఉంటుంది. అందుకే ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మీరు చెప్పిన లక్షణాలు మంచి రకం. ఆన్ చేయగానే బాగానే పనిచేసి, వేడి పెరిగాకే ఫ్యాన్ అరిచి, హెచ్చరిక ఇచ్చి మరీ ఆగుతోందంటే చిప్ బతికే ఉంది, దాని వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. ప్లేస్టేషన్ 4 మార్కెట్లోకి వచ్చింది 2013 నవంబరులో. అప్పటి సరుకైతే లోపల పేస్టు ఎండిపోయి ఉండటం, హీట్‌సింక్ (చిప్ వేడిని లాక్కుని గాలిలోకి వదిలే ఆ లోహపు దిమ్మ) రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉండటం మామూలే. చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కంటికి కనపడని ఎగుడుదిగుళ్లుంటాయి. పేస్టు లేకపోతే అక్కడ గాలి చేరుతుంది. మామూలు పేస్టు కూడా గాలికంటే వంద రెట్లకు పైగా వేడిని మోస్తుంది. కాబట్టి చిన్న ట్యూబుతో పెద్ద తేడా రావడంలో మాయేమీ లేదు.

అలా కాకుండా చల్లగా ఉన్నప్పుడే నీలం లైటు కొట్టుకుంటూ బొమ్మ రాకపోతేనో, తెరమీద గీతలూ రంగు గళ్లూ కనిపిస్తేనో అది వేరే జబ్బు. చిప్ కిందో బోర్డు మీదో తేడా వచ్చి ఉండొచ్చు. దానికి ఇంట్లో పేస్టు మారిస్తే ఒరిగేదేమీ లేదు. అలాంటిది చేతిలో ఉంటే ఆ 30 పుచ్చుకుని వదిలేయమనేవాణ్ణి.

ఇప్పుడు ఖర్చును మెట్లుగా విడగొట్టుకోండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోతారో ముందే కాగితం మీద రాసుకోండి. విప్పడం మొదలయ్యాక మనిషికి పట్టుదల వస్తుంది, ఆ పట్టుదలే పర్సు ఖాళీ చేస్తుంది.

మొదటి మెట్టుకి పైసా ఖర్చు లేదు. టీవీ స్టాండు అరలోనో, గోడకి ఆనించో పెట్టి ఉంటే బయటికి తీయండి. వెనకవైపు వేడి గాలి పోవడానికి జానెడు జాగా ఉండాలి. పక్కల సందుల్లో పేరుకున్న దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులపండి. తర్వాత అదే ఆటని అదే అరగంట ఆడి చూడండి. దీంతోనే తీరిపోయే కేసులు కొన్ని ఉంటాయి. తీరకపోయినా మీరేమీ పోగొట్టుకోలేదు.

రెండో మెట్టు బయటి మూత తీసి లోపల శుభ్రం చేయడం. దీనికన్నా ముందు ఒక పని ఉంది. సేవ్ చేసుకున్న ఆటలన్నీ యూఎస్‌బీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ప్లేస్టేషన్ 4లో ఆ వీలుంది. తర్వాత ప్లగ్ పూర్తిగా తీసేసి కాసేపు వదిలేయండి. ఇందులో పవర్ సప్లై కన్సోల్ లోపలే ఒక పెట్టెలా ఉంటుంది. దాన్ని మొత్తంగా ఊడదీసి పక్కన పెట్టొచ్చు కానీ, ఆ పెట్టెను మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా అందులో కరెంటును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. ఏ కన్సోల్ ధరా ఒక ఆసుపత్రి బిల్లుకి సాటిరాదు.

బయటి స్క్రూలు మధ్యలో చిన్న బొడిపె ఉన్న నక్షత్రం ఆకారంలో ఉంటాయి. వాటికి నడుమ రంధ్రమున్న బిట్ కావాలి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పి తల అరగదీసుకుంటే ఆ ఒక్క స్క్రూకే షాపుకెళ్లాలి. అందుకే ఈ ఒక్క పనిముట్టు మీద మాత్రం పిసినారితనం వద్దంటాను. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు. కాగితం మీద కన్సోల్ బొమ్మ గీసి, ఏ స్క్రూని ఆ చోట గుచ్చి పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు తంటా ఉండదు. దుమ్ము ఊదే ఎయిర్ డబ్బాతో (ఒత్తిడితో గాలి చిమ్మే స్ప్రే డబ్బా) ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలివాటుకి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. డబ్బాను తలకిందులు చేస్తే గాలికి బదులు గడ్డకట్టించే ద్రవం చిమ్ముతుంది, అదీ చూసుకోండి. ఈ మెట్టులో మదర్‌బోర్డును కదిలించే పనిలేదు కాబట్టి నష్టభయం తక్కువ, ఫలితం ఎక్కువ. మళ్లీ బిగించి, మళ్లీ అరగంట ఆడి చూడండి.

మూడో మెట్టు పేస్టు మార్చడం. బోర్డును బయటికి తీయాలి కాబట్టి అసలు రిస్కు ఇక్కడే మొదలవుతుంది. డిస్క్ డ్రైవ్‌కి పోయే పలచటి రిబ్బన్ కేబుళ్లను లాగకూడదు, గొళ్లెం ఎత్తి వదులు చేయాలి. పాత పేస్టును ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచి, కొత్తది చిప్ అంతా పలచగా కప్పేలా రాయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడుతుందనుకుంటారు, కాదు. మెమరీ చిప్పుల మీదుండే మెత్తటి ప్యాడ్‌లు చిరగకపోతే వాటి జోలికి పోవద్దు. మార్చక తప్పకపోతే అదే మందం ఉన్నవి వేయండి. మందమైనవి వేస్తే హీట్‌సింక్ అసలు చిప్‌కి తగలకుండా పైకి లేచిపోతుంది, మొదటికే మోసం. ఇంకో మాట. ఈ కన్సోల్‌లో డిస్క్ డ్రైవ్ బోర్డుకీ మదర్‌బోర్డుకీ జత కుదిర్చి ఉంటుంది. ఇంకో కన్సోల్ నుంచి తెచ్చిన డ్రైవ్ నేరుగా పెడితే డిస్కులు చదవదు. కాబట్టి 'విరిగితే పాతది ఒకటి కొని మార్చేద్దాంలే' అన్న ధీమా ఆ భాగం విషయంలో పనికిరాదు.

పేస్టు మార్చాక కూడా వేడెక్కి ఆగిపోతే ఫ్యాన్ ఒక్కటి చూడండి. అదీ కాకపోతే అక్కడితో ఆపేయండి. బోర్డును ఓవెన్లో పెట్టడం, హీట్ గన్‌తో కాల్చడం లాంటి వీడియోలు మీకు తప్పకుండా కనిపిస్తాయి. వాటివల్ల కొన్నిసార్లు కన్సోల్ లేచి కూర్చుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ పడిపోతుంది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360కి మూడు ఎర్ర లైట్లు వెలిగి పనిచేయకుండా పోయే బెడద వచ్చిన రోజుల్లో దాన్ని తువ్వాలులో చుట్టి వేడెక్కించినవాళ్లూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్ 2007 జులైలో ఆ లోపానికి వారంటీని 3 ఏళ్లకి పెంచి, అందుకు 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు లెక్క చూపాల్సి వచ్చింది. తయారుచేసినవాళ్లకే అంత తేలిగ్గా లొంగని జబ్బు వంటింటి ఓవెన్‌కి లొంగుతుందని నేననుకోను. పైగా ఆహారం వండే ఓవెన్లో సర్క్యూట్ బోర్డు పెట్టడమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇదంతా ప్లేస్టేషన్ 4 సంగతి. ఇదే ధైర్యంతో రేపు ప్లేస్టేషన్ 5ని విప్పొద్దు. అందులో పేస్టు బదులు లిక్విడ్ మెటల్ వాడారు. అది కరెంటును పారనిస్తుంది, ఒక బొట్టు పక్కకి జారితే షార్ట్ అవుతుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. దానికి పక్క పలకలు తీసి, దుమ్ము పట్టే గూళ్లను వ్యాక్యూమ్‌తో శుభ్రం చేసుకోవడం వరకే మీ పని.

నా టైమ్‌కి విలువ లేదా అని చాలామంది అడుగుతారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మీరు ఎలాగూ సంపాదించే పనిలో లేకపోతే దానికి ధర కట్టక్కర్లేదు, విప్పడం మీకు సరదా అయితే అసలే అక్కర్లేదు. కొన్న పనిముట్లు కూడా పనయ్యాక మీ దగ్గరే ఉండిపోతాయి. ఓవర్‌టైమ్ వదులుకుని కూర్చునేట్టయితే మాత్రం ఆ డబ్బును కూడా 10కి కలపండి.

ఇక ఈఎంఐ మాట. సున్నా వడ్డీ అని చెప్పినా, ప్రాసెసింగ్ ఫీజులోనో, రొక్కానికి ఇచ్చే తగ్గింపు పోవడంలోనో ఆ వడ్డీ దాక్కుని ఉంటుంది. కొత్త కన్సోల్‌తో పాటు కొత్త ఆటలు, ఆన్‌లైన్ సభ్యత్వం కూడా వస్తాయి, ఆ ఖర్చు వాయిదాలు తీరాక కూడా ఆగదు. రెండేళ్ల ఉద్యోగమన్నారు. ఆరు నెలల ఇంటిఖర్చుకి సరిపడా అత్యవసర నిధి పక్కన పెట్టారా? పెట్టకపోతే ఈఎంఐ ఊసే వద్దు. పెట్టి ఉంటే, నెలనెలా వినోదానికి కేటాయించిన దాంట్లోంచి దాచుకుని రొక్కానికి కొనుక్కోండి. ఆ అత్యవసర నిధిని మాత్రం దీనికోసం ముట్టుకోవద్దు. ఒక కన్సోల్ వేడెక్కడం అత్యవసరం కాదు.

మార్చక తప్పని పరిస్థితే వస్తే, మీ దగ్గరున్న ఆటలేమిటో చూసుకోండి. చాలామందికి కన్సోల్ కంటే ఆటల మీద పెట్టిందే ఎక్కువ ఉంటుంది. డౌన్‌లోడ్ చేసి కొన్నవి మీ అకౌంటుకి ముడిపడి ఉంటాయి, పెట్టెకి కాదు. ప్లేస్టేషన్ 4 ఆటల్లో దాదాపు అన్నీ ప్లేస్టేషన్ 5లో ఆడతాయి, కానీ డిస్కు ఆటలకి డ్రైవ్ ఉన్న మోడలో, డ్రైవ్ విడిగా కొని తగిలించుకునే వీలున్న మోడలో కావాలి. ఇది మర్చిపోయి డ్రైవ్ లేనిది, తగిలించే వీలూ లేనిది చవగ్గా వస్తోందని తీసుకుంటే డిస్కులన్నీ అటకెక్కుతాయి. పాతదాన్ని అమ్మేముందు హార్డ్ డిస్క్ ఊడదీసి దాచుకోండి, బయట కేసులో పెట్టి కంప్యూటర్‌కి వాడుకోవచ్చు. బాగా పనిచేసే కంట్రోలర్‌కి విడిగానే మంచి ధర పలుకుతుంది. ఇలా విడదీస్తే, పాడైపోయినదానికి నేను వేసిన 10 కాస్తా ఇంకొంచెం పెరుగుతుంది, ఇంట్లో విప్పడానికి అనుకూలంగా మారుతుంది.

కాబట్టి మీకు నా సలహా: మొదటి రెండు మెట్లు మీరే చేయండి. చేతి పనిలో నెమ్మది ఉన్నవారైతే మూడోది కూడా. మొత్తం ఖర్చు 15 దాటకూడదు. చేయి వణికే రకమైతే మూడో మెట్టుకి, కుదిరితేనే డబ్బు తీసుకునే షాపుకి ఇవ్వండి.

అమ్మినాయన్ని అడగొచ్చా అన్నారు. అడగొచ్చు, కానీ స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోకముందే అడగండి. ఒకసారి మూత తెరిచాక లోపం ఆయనదో మీదో తేల్చేవాళ్లుండరు. ఫ్యాన్ మోత, తెరమీది మెసేజ్, ఆట మొదలైనప్పటి నుంచి ఆగేదాకా పట్టిన సమయం కనిపించేలా ఒకే వీడియో తీసి పంపండి. అమ్మేటప్పుడు 'ఏ సమస్యా లేదు' అని మెసేజ్‌లో రాసి ఉంటే అదీ జతచేయండి. మొత్తం వెనక్కివ్వమంటే తెలిసినవాళ్ల మధ్య మాట పెరుగుతుంది. అలా కాకుండా, బాగున్నదానికీ లోపమున్నదానికీ మధ్య తేడా 50 కదా, అందులో సగం భరించమని అడగండి. 20 ఇస్తానన్నా ఒప్పేసుకోండి, ఇంటి రిపేరు ఖర్చు అందులోనే వెళ్లిపోతుంది. 'తెచ్చిచ్చేయ్, డబ్బిచ్చేస్తా' అని ఆయనే అంటే, ఏ మెట్టూ ఎక్కకుండా ఆ సాయంత్రమే ఇచ్చి వచ్చేయండి.