కోపం ఎవరిదో చెప్పకుండా రాయకు

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటి పేజీ సగంలోనే చిరాకు పుట్టింది. "కార్టూన్‌పై నెటిజన్లు మండిపడ్డారు, సర్వత్రా ఆగ్రహం వ్యక్తమైంది" అని రాశావు. పేజీ తిప్పితే "ప్రజాగ్రహం కట్టలు తెంచుకుంది". ఆ పైన దుమారం, రచ్చ, మళ్లీ దుమారం. టెక్సస్ వరద మీద వచ్చిన కార్టూన్, ఇటలీ భూకంపం మీద వచ్చిన కార్టూన్, రెండింటి గురించీ అన్ని పేజీలు చదివాక కూడా కోపం వచ్చిన ఒక్క మనిషి ముఖం నాకు కనబడలేదు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. భాష శుభ్రంగా ఉంది, తేదీలు సరిగ్గా ఉన్నాయి. అది చాలదు.

కానీ చివరికి వచ్చేసరికి ఒక వాక్యం నన్ను ఆపేసింది. డాలస్‌లో మీ పక్కింటావిడ వరదలో పోయిన పిల్లల గుర్తుగా తన ఇంటి ముందు చెట్టుకి ఆకుపచ్చ రిబ్బన్ కడుతుంటే నువ్వు ఆ కార్టూన్ ఫోన్‌లో చూపించావనీ, ఆవిడ చూసి ఏమీ అనకుండా ఫోన్ నీ చేతికిచ్చేసి మళ్లీ ముడి వేసుకుంటూ ఉండిపోయిందనీ రాశావు. అంతే. మరుక్షణం "భావప్రకటనా స్వేచ్ఛకు హద్దులు ఉండాలా?" అన్న చర్చలోకి దూకావు. నీ వ్యాసం మొత్తంలో నిజమైన స్పందన అదొక్కటే తల్లీ. దాన్ని దాటుకుని పరిగెత్తావు. నేనీ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ముందు ఇంకో సంగతి. రెండు కార్టూన్ల గురించి రాస్తూ ఏ బొమ్మలో ఏముందో చెప్పలేదు. చదివేవాడు చూసే ఉంటాడనుకోకు. బొమ్మ మీద కోపం గురించి రాసేటప్పుడు మొదట బొమ్మను చూపించాలి. ఏ గీత ఎక్కడ ఉందో, ఎవరి నోట ఏ మాట ఉందో.

2025 జులై 4 తెల్లవారుజామున టెక్సస్‌లో గ్వాడలూప్ నది ముప్పావు గంటలో దాదాపు 26 అడుగులు పెరిగింది. కెర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఆ నది ఒడ్డునే ఉన్న క్యాంప్ మిస్టిక్ అనే ఆడపిల్లల వేసవి శిబిరంలో పిల్లలు, వాళ్లను చూసుకునే కౌన్సెలర్లు కలిపి 27 మంది పోయారు. ఆ వరదల్లో మొత్తం పోయినవాళ్లు 130 మందికి పైనే. శవాల కోసం ఇంకా వెతుకుతుండగానే న్యూయార్క్ రాష్ట్రంలోని 'బఫెలో న్యూస్'లో ఆడమ్ జిగ్లిస్ కార్టూన్ వచ్చింది. 2015లో పులిట్జర్ బహుమతి అందుకున్న కార్టూనిస్టు ఆయన. వరదలో కొట్టుకుపోతున్న ఒక మనిషి. నెత్తిన ట్రంప్ అభిమానులు పెట్టుకునే ఎర్ర టోపీ. కాపాడమని రాసిన అట్ట నీళ్ల పైకి ఎత్తి పట్టుకున్నాడు. నోట్లో మాత్రం "ప్రభుత్వమే సమస్య, పరిష్కారం కాదు" అన్న మాట. 1981లో రీగన్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేసిన రోజు చెప్పిన మాటకు అది దగ్గరి చుట్టం.

ఇంతవరకు చెబితే చాలు, నువ్వేమీ అనకుండానే చదివేవాడికి ఒక సంగతి తోస్తుంది. నీళ్లలో ఉన్నది ఎవరు అని. మన పత్రికల్లో వరద కార్టూన్ ఎలా ఉంటుందో నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పైన హెలికాప్టర్, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ మంత్రిగారు, కింద ఇంటి కప్పు మీద జనం. ఏరియల్ సర్వే బొమ్మ. మొలలోతు నీళ్లలో నిలబడినవాడు కూడా దాన్ని చూసి నవ్వాడు, ఎందుకంటే అక్కడ దెబ్బ తగిలింది హెలికాప్టర్‌కి. జిగ్లిస్ బొమ్మలో హెలికాప్టర్ లేదు. కెర్ కౌంటీలో ఆ నది వెంట అప్పటికి వరద సైరన్ల వ్యవస్థ లేదు, దాని ఖర్చు గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకుని వదిలేశారు. ఎవరు వద్దన్నారు, డబ్బు ఎందుకు రాలేదు అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్నని తీసుకెళ్లి మునుగుతున్నవాడి నెత్తిన టోపీగా పెట్టాడు ఆయన. కార్టూనిస్టుది తప్పా ఒప్పా అని అడిగావు కదా, నా లెక్కలో ఆయన అడిగిన ప్రశ్న సరైనదే, గీసిన మనిషే సరైనవాడు కాదు. ఆ మాట నేను ఆయన ఎదుటైనా అంటాను.

ఇక కోపం సంగతి. అసలు నా పట్టు ఇక్కడే.

ఆ బొమ్మ చూసి మీ పక్కింటావిడ మాట్లాడలేదు. బఫెలో ఉన్న కౌంటీలోనే రిపబ్లికన్ పార్టీ నాయకుడు క్షమాపణ చెప్పాలన్నాడు. ఇంకెవరో కార్టూనిస్టుని చంపేస్తామని బెదిరించారు, ఆయన పాల్గొనాల్సిన ఒక కార్యక్రమం ఆగిపోయింది. ఈ ముగ్గురినీ కలిపి నువ్వు "నెటిజన్లు మండిపడ్డారు" అన్నావు. ఎంత అన్యాయం చేశావో చూడు. దుఃఖంలో నోరు పెగలని మనిషినీ, టెక్సస్‌కి దేశం అవతలి కొసన కూర్చుని ఎన్నికల లెక్క చూసుకునే మనిషినీ, ప్రాణం తీస్తానన్న మనిషినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టావు. అలా కూర్చోబెడితే ఎవరికి లాభం? బెదిరించినవాడికి. వాడి కోపానికి ఆవిడ దుఃఖం అండగా వచ్చి నిలబడుతుంది. అదే సమయంలో ఆవిడ దుఃఖానికి వాడి రౌడీతనం అంటుకుంటుంది. ఎవరి కోపం, ఎక్కడ నిలబడి, ఎవరి తరఫున, ఏ రోజున. ఇవి విడదీయకుండా నువ్వు ఒక్క పేరా కూడా రాయడానికి వీల్లేదు. నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రవాడికీ ఇదే చెబుతాను, విసుగొచ్చేదాకా చెబుతాను.

దివిసీమ ఉప్పెన నాటికి నేను నీ వయసువాణ్ణే. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్లమీదికి వచ్చింది. నీళ్లు తీశాక నేను అవనిగడ్డ వైపు వెళ్లి, ఒక సహాయ శిబిరంలో జనం పక్కన కూర్చుని విన్నది రాసుకొచ్చాను. ఒక ముసలమ్మ కోపం ఫొటోగ్రాఫర్ మీద, శవం పక్కన కూర్చుని ఏడవమన్నాడని. ఒక పాలేరు కోపం తన ఆసామి మీద, ఆ గాలిలో గొడ్లను విప్పి రమ్మని పంపాడని. ఇంకొకాయన కోపం తనమీద తనకే, ముందు రోజు భార్య పుట్టింటికి పోతానంటే వద్దని ఆపాడని. ముగ్గురి మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాసి ఒక పత్రికకి ఇచ్చాను. అచ్చయి వచ్చింది చూస్తే "బాధితులు ప్రభుత్వంపై తీవ్ర ఆగ్రహం వ్యక్తం చేశారు" అని ఒక్క ముక్క. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ప్రభుత్వం పేరెత్తలేదు. వెళ్లి అడిగితే సంపాదకుడు కళ్లద్దాల పైనుంచి చూసి, "చోటు లేదయ్యా, అయినా అందరూ చెప్పేది అదే కదా" అన్నాడు. కాదు! ముగ్గురూ మూడు చెప్పారు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఇవాళ్టి సంపాదకులు చేస్తున్నదీ అదే, కాకపోతే నాలుగు ట్వీట్లు అతికించి "వైరల్" అని పైన రాస్తున్నారు. చోటు లేదన్న సాకు కూడా ఇప్పుడు లేదు, కంప్యూటర్‌లో ఎంత రాస్తే అంత పడుతుంది. అయినా మనుషులకు చోటు దొరకడం లేదు.

నీ ఇటలీ భాగం ఇంకా తొందరగా రాశావు. అక్కడ ఎంత ఉందో చెబుతాను. 2016 ఆగస్టు 24, తెల్లవారుజాము మూడూ ముప్పై ఆరు నిమిషాలు. మధ్య ఇటలీ కొండల్లో భూకంపం, 299 మంది చనిపోయారు. ఎక్కువమంది అమాత్రిచే అన్న చిన్న ఊళ్లోనే. ఆ ఊరి పేరు మీద ఒక వంట ఉంది, అమాత్రిచానా. పంది దవడ మాంసం, పెకొరీనో జున్ను, టమాటా వేసి చేసే పాస్తా. ఆ వారాంతంలోనే ఊళ్లో ఆ వంట పేరిట పండుగ జరగాలి, అది 50వ ఏడు. భూకంపం తర్వాత ఇటలీలో ఎన్నో హోటళ్లు ఆ పాస్తా ప్లేటుకి రెండు యూరోలు, తిన్నవాళ్లది ఒకటి, హోటల్‌ది ఒకటి, బాధితుల కోసం పక్కన పెట్టాయి. అంటే ఆ రోజుల్లో ఆ పాస్తా తినడమే పరామర్శ. సరిగ్గా అప్పుడు పారిస్‌లో 'షార్లీ ఎబ్దో' అనే వ్యంగ్య వారపత్రిక ఒక బొమ్మ వేసింది. "ఇటాలియన్ స్టైల్ భూకంపం" అని శీర్షిక. నెత్తురోడుతున్న ఒక మనిషి, కింద టమాటా సాస్ పాస్తా అని పేరు. ఒళ్లంతా గాయాలతో ఒక ఆడమనిషి, అది ఇంకో రకం పాస్తా. పక్కన పొరలు పేర్చి చేసే లసాన్యా, ఇంటి కప్పుల పొరల మధ్యనుంచి బయటికి వచ్చిన కాళ్లు.

ఈ పాస్తా సంగతి నీకు తెలియకపోతే ఆ కోపం నీకు అర్థం కాదు. నువ్వు "ఇటలీ ఆహారాన్ని అవమానించారు" అని రాశావు, అంత తేలిక కాదు అది. సాయం చెయ్యడానికి జనం చేతిలోకి తీసుకున్న ప్లేటులోనే శవాన్ని పెట్టినట్టయింది.

అక్కడ కూడా కోపాల్ని విడదీయి. అమాత్రిచే మేయర్ సెర్జియో పిరోజ్జి శిథిలాల మధ్య నిలబడి, చచ్చిపోయినవాళ్ల మీద కార్టూన్ ఏమిటని అడిగాడు. ఆ ప్రశ్నకి ఎదురు చెప్పే హక్కు నాకు లేదు, నీకూ లేదు. రోమ్‌లో మంత్రులు ఛీ అన్నారు, అది వాళ్ల ఉద్యోగం. ఫ్రాన్స్ రాయబార కార్యాలయం ఈ బొమ్మ మా దేశం మాట కాదని ప్రకటన ఇచ్చింది, దాంట్లో కోపం లేదు, జాగ్రత్త ఉంది. వీళ్లందరికంటే నన్ను ఎక్కువ పట్టి ఉంచేవాళ్లు ఇంకొకరున్నారు. 2015 జనవరి 7న ఆ పత్రిక ఆఫీసు మీద తుపాకులతో పడి 12 మందిని చంపినప్పుడు "నేనూ షార్లీనే" అని రాసుకున్న ఇటాలియన్లు. ఏడాదిన్నర దాటాక వాళ్లలో కొందరు ఇక నేను షార్లీని కాను అన్నారు. నువ్వు వాళ్లని "ద్వంద్వ ప్రమాణాలు" అని ఒక్క ముక్కతో కొట్టిపారేశావు. నాకు అది ఒళ్లుమండేలా ఉంది. ఒక పత్రికవాళ్లని చంపకూడదనడం, ఆ పత్రిక గీసిన ప్రతి గీతనీ మెచ్చుకోవడం ఒకటి కావు. ఆ రెండూ ఒకటే అనుకుని నిలబడి, తర్వాత తన మీదే ఆ గీత పడ్డప్పుడు విలవిల్లాడిన మనిషి ఉన్నాడే, వాడి గురించి రాయి. వాడు రెండు రోజులూ నిజంగానే ఏడ్చాడు.

తర్వాత అదే పత్రిక కార్టూనిస్టు కోకో ఇంకో బొమ్మ వేసింది, మీ ఇళ్లు కట్టేది షార్లీ ఎబ్దో కాదు, మాఫియా అని. ఆ ప్రశ్న ఇటాలియన్లు అప్పటికే అడుగుతున్నారు. 2012లో భూకంపాన్ని తట్టుకునేలా బాగుచేశామన్న బడి కూలిపోయింది, దర్యాప్తు మొదలైంది. ఆ మాట మొదటి బొమ్మలో ఉంటే ఊరు కోప్పడేది కాదనను, కానీ ఆ కోపం వేరే తోవ పట్టేది. మొదట శవాన్ని చూపించి, జనం తిట్టాక అర్థం చెప్పడం నాకు నచ్చదు. చివరికి ఊరి పాలకవర్గం ఆ పత్రిక మీద పరువు నష్టం ఫిర్యాదు కూడా చేసింది.

ఇంకొకటి కూడా చేర్చు, నీ వాదానికి కాదు, నా వాదానికి పనికొస్తుంది. 2013లో టోక్యోకి ఒలింపిక్స్ ఇచ్చినప్పుడు ఫ్రాన్స్‌లోనే 'కనార్ ఆంషెనే' పత్రికలో కాబూ ఒక బొమ్మ వేశాడు. వెనక 2011లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణు కేంద్రం, ముందు అదనపు కాళ్లూ చేతులతో సూమో మల్లులు. బాధితుల మనసు గాయపడిందని జపాన్ ప్రభుత్వం నిరసన తెలిపింది. బాధితుల పేరు చెప్పింది ప్రభుత్వం. ఆ బొమ్మలో దెబ్బ తగిలింది ఎవరికి? ఒలింపిక్స్ తెచ్చుకుని అంతా బాగానే ఉందన్నవాళ్లకి కదా. బాధితుల తరఫున కోప్పడేవాణ్ణి చూసినప్పుడల్లా, బాధితులు వాడిని పంపారా అని ఒకసారి వెనక్కి తిరిగి చూడు. కాబూ 2015 జనవరిలో ఆ షార్లీ ఆఫీసులోనే చనిపోయాడు.

ఇప్పుడు పని. మీ పక్కింటావిడ దగ్గరికి వెళ్లు. ఫోన్ తీసుకెళ్లకు. నీ గురించి రాయొచ్చా అని అడుగు. సరేనంటే ఆ రిబ్బన్ ఎవరి కోసం కట్టిందో, ఆ పిల్ల ఆవిడకి ఏమవుతుందో, అసలు ఏమీ కాకపోయినా ఎందుకు కట్టిందో ఆవిడ చెప్పినంతే రాయి. వద్దంటే ఆ వాక్యం కూడా తీసెయ్యి, మారు మాట లేకుండా.

టెక్సస్, ఇటలీ రెండింటినీ ఒకే వ్యాసంలో కుక్కకు. ఇటలీది వేరే రాయి, దానికి తొందర లేదు. "హద్దులు ఉండాలా?" అని ప్రశ్నతో ముగించే అలవాటు ఈమధ్య అందరికీ పట్టుకుంది, ఎక్కడ చూసినా అదే ముగింపు. నువ్వు మానుకో, నీ దగ్గర జవాబుంటే చెప్పు, లేకపోతే ఆపెయ్యి. బఫెలోలో ఆగిపోయిన కార్యక్రమం గురించి అక్కడి పత్రికలు తిరగేసి సరిగ్గా రాయి, విన్నది రాయొద్దు. దసరా లోపు పంపు. ప్రింట్ తీసి పోస్టులో పంపితే మార్జిన్‌లో రాసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు